కొండను చదవడం నేర్పిన 8×42 బైనాక్యులర్: మూడు శీతాకాలాల వాడకం తర్వాత

మా కోనసీమలో వేట అంటే చేపల వేట, వేట మాంసం అంటే మేక మాంసం. ఏటిగట్టు కంటే ఎత్తైన నేల మీద నడిచే అలవాటు లేని నేను, మారేడుమిల్లి కొండల్లో జంతువుల జాడ తీయడం నేర్చుకోవాలని బయలుదేరినప్పుడు మొదట కొన్న వస్తువు ఈ బైనాక్యులర్. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడటం నేరం, అది నేరంగానే ఉండాలని నా గట్టి అభిప్రాయం. అయితే గాలి వాటం గమనించడం, గిట్టల గుర్తులు చదవడం, ఒకచోట కదలకుండా కూర్చుని ఎదుటి కొండను పరికించడం వంటి వేటగాడి విద్యలను ఆయుధం పట్టకుండానే నేర్చుకోవచ్చు. వాటిలో చివరిదానికి మంచి బైనాక్యులర్ తప్పనిసరి.

కొనేటప్పుడు 10×42 తీసుకోమని చాలామంది చెప్పారు. 8×42 తీసుకున్నందుకు ఈ రోజుకీ సంతోషిస్తున్నాను. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో, రెండోది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో తెలుపుతాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు పుంజం వెడల్పు వస్తుంది. 8×42లో అది 5.25 మిల్లీమీటర్లు, 10×42లో 4.2 మాత్రమే. కణుజులు (సాంబార్ జింకలు) మేతకు బయటికి వచ్చే తెల్లవారుజామున, మునిమాపు వేళ ఈ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది. పైగా పల్లపు నేల వాళ్లం కొండెక్కి ఆయాసపడుతూ ఆగినప్పుడు చేతి వణుకు కూడా పది రెట్లు పెరిగి కనిపిస్తుంది కాబట్టి, కొత్తవారికి ఎనిమిదే మేలు.

దీని అసలు విలువ నాకు తెలిసింది మొదటి శీతాకాలంలో, ఒక ఉదయం. వెంట వచ్చిన గైడు కొండరెడ్డి తెగకు చెందిన పెద్దాయన. ముందుగా చిటికెడు పొడి మట్టిని వేళ్ల మధ్య నుంచి జారవిడిచి, అది ఎటు కొట్టుకుపోతుందో చూసి, మేము ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించారు. మా వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే చాలాసేపు ఒకే దిక్కు నుంచి వీస్తుంది. కొండల్లో అలా కాదు. ఎండెక్కాక వాలు వేడెక్కి గాలి పైకి ఎగబాకుతుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి జారుతుంది. మన వాసన దానితో పాటే జంతువును చేరుతుంది. కూర్చున్నాక ఇరవై నిమిషాలు ఎదుటి వాలునంతా అటూ ఇటూ తిప్పి చూశాను, ఏమీ కనబడలేదు. వరిచేలో కొంగ ఎంత దూరాన ఉన్నా నిలువెల్లా కనిపించే నేలలో పెరిగిన కన్ను అడవిలోనూ నిండు జంతువునే వెతుకుతుంది.

“మాస్టారూ, జంతువును వెతక్కండి, చెవిని వెతకండి,” అన్నారాయన. వాలును అడ్డంగా పట్టీలుగా మనసులో విడదీసుకుని, ఒక్కో పట్టీని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూడటం మొదలుపెట్టాను. మూడో పట్టీలో, గాలి ఆడని చోట ఒక ఎండుటాకు మాత్రం కదిలింది. చూపు స్పష్టతను సరిచేసే మధ్య చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పగానే ఆ ఆకు అంచున సన్నని వెంట్రుకలు తేలాయి. అది కణుజు చెవి. దాని వెనుక నిలువు చెట్ల మధ్య అడ్డంగా సాగిన గీత దాని వీపు. మాకు మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న ఆ జంతువు బైనాక్యులర్‌లో నలభై మీటర్ల లోపే నిలిచినట్లు కనిపించింది. మామూలు కంటితో చూస్తే అక్కడ ఉన్నది పొద మాత్రమే.

లోపాలూ ఉన్నాయి. కుడి కంటి చూపును సరిదిద్దే వలయం చాలా వదులుగా ఉంది, సంచిలోంచి తీసిన ప్రతిసారీ జరిగిపోతుంది. మొదట ఎడమ కంటితో మధ్య చక్రాన్ని, తర్వాత కుడి కంటితో ఈ వలయాన్ని సరిచేసుకుని, వలయం ఆగిన చోట గోళ్ల రంగు చుక్క పెట్టుకున్నాను. సన్నని పట్టీ గంటలోనే మెడను కోస్తుంది. మా ఊరి టైలరు చేత భుజాల మీదుగా వచ్చే వెడల్పాటి పట్టీ కుట్టించాక ఆ బాధ తీరింది, ఎక్కేటప్పుడు ఛాతీకి కొట్టుకోవడమూ ఆగింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది బూజు. కొండల్లో మంచుకు తడిసినప్పుడు దీనికి ఏమీ కాలేదు. ఇంటికి తెచ్చి తోలు సంచిలోనే బీరువాలో పెట్టిన వానాకాలంలో మాత్రం కటకం అంచున సాలెగూడు వంటి మచ్చ పట్టింది. కొన్న దుకాణంలో ఇస్తే రెండు నెలలు ఉంచుకుని, శుభ్రం చేయకుండానే తిరిగి ఇచ్చారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. డెల్టాలో ఉండేవారు సంచి తీసేసి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు దీన్ని దాచాలి, ఆ పొట్లాలను నెలకోసారి మార్చాలి.

కోరింగ మడ అడవుల దగ్గర బురదమేటల మీద పక్షులను చూడటానికే కొనేవారు స్టాండు కూడా తీసుకోగలిగితే 10×42 ఎంచుకోవచ్చు, అక్కడ దూరం ఎక్కువ, చాటు తక్కువ. కొండదారి పట్టేవారికి మాత్రం నేను 8×42నే చెబుతాను. డబ్బు ఇచ్చే ముందు వలయం బిగువును దుకాణంలోనే తిప్పి చూసుకోండి.