లైన్ పోయినా పలికే సుడో: ఫ్రీఐపీఏ, ఎస్ఎస్ఎస్‌డీ ఏళ్ళ తరబడి వాడాక నా మాట

ఎవరికి ఏ సర్వర్లో ఏ హక్కుందో ఒకేచోట నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఫ్రీఐపీఏ. దాని లోతుపాతులు, ఎలా ఎక్కించాలి అన్న సంగతుల జోలికి పోవడం లేదు. అవి తెలిసినవాళ్ళ కోసమే రాస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, ప్రతి సర్వర్లోనూ ఫ్రీఐపీఏ తరఫున పనిచేసే ఎస్ఎస్ఎస్‌డీ అనే ప్రోగ్రాం దాచిపెట్టుకునే లోకల్ కాపీ గురించి. యూజర్లు, సుడో రూల్సు (రూటు, అంటే సర్వహక్కులున్న అడ్మిన్, హోదాలో ఎవరు ఏ కమాండు నడపొచ్చో), ఎవరు ఏ సర్వర్లో ఏ సర్వీసు వాడొచ్చన్న హెచ్‌బ్యాక్ రూల్సు అన్నీ భీమవరం హెడ్డాఫీసులోనే ఉంటాయి. అయినా బ్రాంచిలో ఉన్న పెట్టె తనకు కావలసినంత కాపీ తన దగ్గర ఉంచుకుంటుంది. ఎప్పుడూ లైన్ పోని చోట కూర్చుని పనిచేసేవాళ్ళకి ఇందులో గొప్పేముంది అనిపించొచ్చు. గోదావరి డెల్టాలో సర్వర్లు చూసుకునేవాడిని అడగండి, చెప్తాడు.

మాది రొయ్యల కొనుగోలు. పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం, ప్రతిచోటా ఒక అల్మాలైనక్స్ సర్వరు. కాటా, కౌంటు, బిల్లింగు అన్నీ దాని మీదే నడుస్తాయి. చెరువుల దగ్గర పట్టుబడి అర్ధరాత్రో తెల్లవారుజామునో ఉంటుంది. ఫైబరేమో కరెంటు స్తంభాల మీదుగా కొబ్బరి తోటల్లోంచి వస్తుంది. గాలి గట్టిగా వీచి ఒక్క మట్ట పడిందంటే ఆ పూటకి లైన్ లేనట్టే. అలాంటప్పుడు బిల్లింగ్ సర్వీసు ఆగిపోతే సుడో కొట్టి మళ్ళీ లేపాలి. ఆ సుడోకి పర్మిషన్ ఇవ్వాల్సిన సర్వరు భీమవరంలో ఉంది. ఐసులో ఉన్న సరుకు ఆగదు కదా.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజులు గుర్తున్నాయా? లంకలన్నీ నీళ్ళలో ఉన్నాయి. రాజోలు బ్రాంచికి రోజుల తరబడి లైన్ లేదు. మా కుర్రాడు జనరేటర్ వేసుకుని, సర్వర్ ముందే కూర్చుని, తన మామూలు పాస్‌వర్డ్‌తో లాగినై, సుడోతో బ్యాకప్ తీసి డిస్కు భద్రంగా పైఅంతస్తుకి చేర్చాడు. రూటు పాస్‌వర్డ్ ఉన్న సీలు కవరు బీరువాలోంచి తియ్యాల్సిన అవసరమే రాలేదు. ఆ రోజు నుంచి ఈ సాఫ్ట్‌వేర్ అంటే నాకు అభిమానం. ఇది దాచుకునే మాట కాదు.

అయితే ఆ కాపీ ఎలా పనిచేస్తుందో నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం వరదల్లో కాదు, ఆ తర్వాత ఒక రాత్రి జరిగిన గొడవలో.

అంతకుముందు రాత్రి గాలివానకి రాజోలు లైన్ పోయింది. సాయంత్రం మా కుర్రాడు సుడోతో ఒక సర్వీసు రీస్టార్ట్ చేశాడు, నిక్షేపంలా పనిచేసింది. రాత్రి పదకొండు దాటాక ఫైబరు వాళ్ళు జాయింట్ వేశారు, లైన్ వచ్చింది. కాసేపటికే ఫోను.

"సార్, ఇప్పటిదాకా బానే ఉందండి. లైన్ వచ్చాక సుడో పోయిందండి. పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నానండి బాబూ."

లైన్ పోతే సుడో పోయిందంటే ఎవరికైనా అర్థమవుతుంది. లైన్ వచ్చాక పోవడమేంటి? తనే ఒక ఉపాయం కూడా చేశాడు, నెట్‌వర్క్ కేబుల్ పీకి మళ్ళీ కొట్టి చూశాడు. అప్పుడూ రాలేదు. బయట రెండు బళ్ళు సరుకుతో నిలబడి ఉన్నాయి.

ఇలాంటప్పుడు నేను మొదట అడిగేది, స్క్రీన్ మీద సరిగ్గా ఏం పడింది అని. సుడో పనిచెయ్యట్లేదు అనే ఒక్క మాట వెనక మూడు వేరే వేరే జబ్బులుంటాయి. "సారీ, ట్రై అగైన్" అంటే పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయింది. "నాట్ ఇన్ ద సుడోయర్స్ ఫైల్" అనో, "నాట్ అలౌడ్ టు రన్ సుడో" అనో వస్తే మనిషిని గుర్తుపట్టింది గానీ ఆ సర్వర్ మీద అతనికి రూలు దొరకలేదు. అప్పుడు ఏ సమాచారం ఎక్కడ వెతకాలో చెప్పే నేమ్ సర్వీస్ స్విచ్ ఫైల్లో సుడోయర్స్ వరసలో ఎస్ఎస్ఎస్ ఉందా, హోస్ట్‌నేమ్ పూర్తి పేరుతో ఉందా, రూలు వర్తించే సర్వర్ల గుంపులో, అంటే హోస్ట్‌గ్రూపులో, ఆ సర్వర్ చేరిందా చూడాలి. మా కుర్రాడు చదివి వినిపించింది ఈ రెండూ కాదు. "పామ్ అకౌంట్ మేనేజ్‌మెంట్ ఎర్రర్: పర్మిషన్ డినైడ్." పామ్ అంటే లైనక్స్‌లో లాగిన్లనీ హక్కులనీ తనిఖీ చేసే ఏర్పాటు. ఇదే మూడో జబ్బు.

ఈ తనిఖీలన్నీ నమోదయ్యే సెక్యూర్ లాగ్ తియ్యమన్నాను. తన అకౌంటుకే లాగ్ చదివే గ్రూపు ఇచ్చి ఉంచాం కాబట్టి సుడో లేకుండానే తెరిచాడు. రెండు వరసలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది సుడో ఆథ్ దగ్గర, ఆథెంటికేషన్ సక్సెస్. రెండోది సుడో అకౌంట్ దగ్గర, యాక్సెస్ డినైడ్, బ్రాకెట్లో ఆరు, పర్మిషన్ డినైడ్. అంటే పాస్‌వర్డ్ సరైనదే. తను ఎవరో సర్వర్ ఒప్పుకుంది. ఈ పెట్టె మీద సుడో అనే గుమ్మం దాటే హక్కు మాత్రం లేదంది. ఆ గుమ్మం హెచ్‌బ్యాక్‌ది.

భీమవరం సర్వర్లో, ఎవరికి హక్కుందో లేదో చెప్పే ఐపీఏ హెచ్‌బ్యాక్‌టెస్ట్ కమాండుకి ఆ యూజర్, ఆ హోస్టు, సర్వీసు సుడో అని ఇచ్చి కొట్టాను. యాక్సెస్ గ్రాంటెడ్: ఫాల్స్. సర్వీసు ఎస్ఎస్‌హెచ్‌డీ (నెట్‌వర్క్ మీదుగా లాగినయ్యేది) అని మార్చి కొడితే ట్రూ. ఆ మధ్యాహ్నం, ఆడిట్ సలహా మీద, మా సెంట్రల్ టీము అందరినీ అన్నిటికీ అనుమతించే అలౌ ఆల్ అనే డీఫాల్ట్ రూల్ని ఆపేసింది. దాని స్థానంలో బ్రాంచిలకి పెట్టిన కొత్త రూల్లో ఎస్ఎస్‌హెచ్‌డీ ఒక్కటే ఉంది. లైన్ ఉన్న బ్రాంచిల్లోనూ ఇదే జరిగి ఉండేది. ఆ రోజు అక్కడ ఎవరికీ సుడో అవసరం పడలేదు, అంతే.

సాయంత్రం పనిచేసి రాత్రి ఎందుకు ఆగిందో ఇప్పుడు చూడండి. లైన్ లేనప్పుడు రాజోలు పెట్టె దగ్గర ఉన్నది పాత కాపీ. అందులో అలౌ ఆల్ ఇంకా బతికే ఉంది. లైన్ రాగానే, మొదటి సుడోకే, ఎస్ఎస్ఎస్‌డీ కొత్త హెచ్‌బ్యాక్ రూల్సు తెచ్చుకుంది. ఈ రూల్సు విషయంలో దానికి ఓపిక తక్కువ, తెచ్చుకుని 5 సెకన్లు దాటితే మళ్ళీ అడుగుతుంది. ఆ తర్వాత కేబుల్ పీకినా లాభం లేదు, అప్పటికే పాత కాపీ పోయి కొత్తది కూర్చుంది. మా కుర్రాడు చెప్పిన ప్రతి మాటా నిజమే. వినేవాళ్ళకే అది తలకిందులుగా అనిపించింది.

రూల్లో సుడో చేర్చాం. నిమిషంలో సర్వీసు లేచింది, బళ్ళు కదిలాయి. వెంటనే ఇంకో మెలిక. తను అలవాటుగా సుడో మైనస్ ఐ కొట్టి రూటు షెల్‌లోకి వెళ్ళబోతే మళ్ళీ అదే డినైడ్. ఇక్కడ చాలామంది జుట్టు పీక్కుంటారు. ఉత్త సుడో, సుడో మైనస్ ఐ రెండూ ఒకటే కమాండనిపిస్తాయి గానీ, పామ్ దృష్టిలో ఇవి రెండు వేరే సర్వీసులు. పామ్ డీ ఫోల్డర్లో సుడో, సుడో-ఐ అని రెండు ఫైళ్ళుంటాయి. ఐపీఏలో ఈ రెంటినీ కలిపి సుడో అనే సర్వీసు గ్రూపు ముందే తయారుగా ఉంటుంది. విడి సర్వీసు తీసేసి ఆ గ్రూపు పెట్టాక ఆ గోల వదిలింది.

ఇంత కంగారులో ఇంకొకటి జరగబోయి తప్పింది. ఫోన్లో మూడో మనిషి, మా టీము కుర్రాడే, ఎస్ఎస్ఎస్‌డీ ఆపేసి, వార్ లిబ్ ఎస్ఎస్ఎస్ డీబీలో ఉన్నవన్నీ చెరిపేసి మళ్ళీ స్టార్ట్ చేద్దామన్నాడు. ఎక్కడ వెతికినా మొదట దొరికే సలహా అదే. లైన్ నిలకడగా ఉన్న చోట అది చెల్లుతుంది. అప్పుడే అతికించిన ఫైబరు మీద ఆ పని చెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ ఫోల్డర్లో ఉన్నవి రూల్సే కాదు, ఆఫ్‌లైన్ లాగిన్‌కి దాచిన పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ని సరిచూడ్డానికి మార్చి దాచిన రూపాలు) కూడా. చెరిపాక లైన్ మళ్ళీ పోతే, రూటు పాస్‌వర్డ్ కవరు చింపితే తప్ప ఆ సర్వర్లోకి ఎవరూ వెళ్ళలేరు. రూల్సు పాతబడ్డాయన్న అనుమానముంటే ఎస్ఎస్ఎస్ క్యాష్ కమాండు చాలు. అది కాపీని చెరపదు, పాతదని గుర్తు పెడుతుంది.

ఇక ఆ కాపీలో నన్ను ఇబ్బంది పెట్టినవి కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ దాచుకోవడం మనిషి మనిషికీ విడిగా జరుగుతుంది. ఆ సర్వర్ మీద లైన్ ఉండగా ఒక్కసారైనా లాగినైనవాడికే లైన్ లేనప్పుడు తలుపు తెరుచుకుంటుంది. సుడో రూల్సు అలా కాదు, ఆ హోస్టుకి వర్తించేవన్నీ వచ్చి ఉంటాయి. అమలాపురంలో కొత్తగా చేరిన అబ్బాయికి రూలుంది, హక్కుంది, కానీ ఆ పెట్టెలో ఎప్పుడూ లాగిన్ కాలేదు కాబట్టి లైన్ లేని రాత్రి బయటే ఉండిపోయాడు. అప్పటినుంచి తొలకరికి ముందే బ్రాంచి అడ్మిన్లందరూ తమ తమ సర్వర్లలో ఒకసారి లాగిన్ అవ్వాలని పెట్టుకున్నాం.

రెండోది రూల్సు చేరడంలో ఆలస్యం. కొత్త సుడో రూలు కేంద్రంలో రాసిన క్షణంలోనే బ్రాంచికి చేరదు. మార్పుల కోసం ఎస్ఎస్ఎస్‌డీ డీఫాల్టుగా 15 నిమిషాలకోసారి అడుగుతుంది, మొత్తం మళ్ళీ తెచ్చుకునేది 6 గంటలకోసారి. రూలు తీసేస్తే, ఆ సంగతి వాడినప్పుడే తెలియాలన్నా 90 నిమిషాల గడువు అడ్డముంటుంది. "సార్, నాకింకా రాలేదండీ" అన్న ఫోన్లలో చాలావాటికి మందు కాస్త ఆగడమే.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది మూడోది. పని మానేసిన మనిషి అకౌంటుని భీమవరంలో ఆపేస్తాం. ఆ వేళకి ఆ బ్రాంచికి లైన్ లేకపోతే, అక్కడి కాపీకి ఆ సంగతి తెలియదు. ఆ మనిషి పాత పాస్‌వర్డ్‌తో సర్వర్ ముందు కూర్చుంటే సుడో ఇంకా ఒప్పుకుంటుంది. ఆఫ్‌లైన్ క్రెడెన్షియల్స్ ఎక్స్‌పిరేషన్ అనే సెట్టింగు డీఫాల్టుగా సున్నా, అంటే గడువే లేదు. చివరిసారి ఆన్‌లైన్లో లాగినైన దగ్గర్నుంచి ఎన్ని రోజులు ఒప్పుకోవాలో అందులో ఇవ్వాలి. మూడు రోజులు పెడితే వరదలప్పుడు మనవాళ్ళే బయట ఉండిపోతారు. నెల పెడితే మానేసినవాడికీ నెల ఇచ్చినట్టే. మేం పది రోజులు పెట్టుకున్నాం. అది సరైన అంకె అని నేననను, మా వానలకీ మా మనుషులకీ కుదిరిన అంకె. మానేసేవాళ్ళ విషయంలో, లైన్ లేకపోతే, బ్రాంచికి మనిషిని పంపి సర్వర్ గది తాళం మార్పిస్తున్నాం.

కొనుక్కునే సరుకు కాదు కాబట్టి తీసుకోండనో వద్దనో చెప్పడం కష్టం. రెండు మూడు సర్వర్లే ఉండి, అన్నీ ఒకే గదిలో ఉంటే ఇంత సరంజామా నేనైతే పెట్టను, సుడోయర్స్ ఫైలు చేత్తో రాసుకుంటాను. ఐపీఏ సర్వరుకి తోడు ఇంకో రెప్లికా (నకలు సర్వరు) కావాలి, సర్వర్ల పేర్లకి అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ సరిగ్గా ఉండాలి, గడియారాలు ఐపీఏ లాగిన్లకి వాడే కెర్బరోస్ ఒప్పుకునే 5 నిమిషాల తేడా లోపల ఉండాలి. వీటిని రోజూ చూసుకునే మనిషి లేకపోతే సుఖం కన్నా కష్టమే ఎక్కువ. నదీపాయకి ఒకవైపు హెడ్డాఫీసు, ఇంకోవైపు బ్రాంచిలు, మధ్యలో నమ్మకంలేని లైను, ఇదీ మీ పరిస్థితి అయితే, నాకు తెలిసినంతలో ఇంతకన్నా నమ్మదగ్గది ఇంకోటి లేదు. అలౌ ఆల్ ఆపే ముందు మాత్రం ప్రతి బ్రాంచికీ, ఎస్ఎస్‌హెచ్‌డీ, సుడో, సుడో-ఐ మూడింటికీ విడివిడిగా హెచ్‌బ్యాక్‌టెస్ట్ కొట్టి ట్రూ వచ్చిందో లేదో చూసుకోండి. అదీ పగటిపూట, పట్టుబడి లేని రోజున.