ఏస్ అటార్నీ ట్రిలజీ: ఊరు లాస్ ఏంజెలెస్, చట్టం మాత్రం జపాన్‌దే

ఏస్ అటార్నీ అనే ఈ కోర్టు వీడియో గేమ్ ఎలా ఆడాలి, ఎన్ని కేసులుంటాయి, ఏ మెషీన్‌లో దొరుకుతుంది లాంటివన్నీ వదిలేస్తున్నా. చాలామందికి తెలిసినవే. నేను దీన్ని మొదట నింటెండో డీఎస్‌లో ఆడాను, మూడు ఆటలూ కలిపిన ట్రిలజీ 2019లో నింటెండో స్విచ్‌కి వచ్చాక అందులో మళ్ళీ మళ్ళీ ఆడుతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నాకు చెప్పాలనిపిస్తున్నది ఒక్క విషయం గురించే. జపాన్‌లో జపనీయుల కోసం రాసిన ఈ కోర్టు కథని బయటి దేశాలకి తెచ్చేటప్పుడు ఊరే మార్చేశారు. నరుహోదో ర్యూఇచి అనే జపనీస్ లాయరు లాస్ ఏంజెలెస్ లాయరు ఫీనిక్స్ రైట్ అయ్యాడు. ఆ మార్పంటే నాకు విపరీతమైన ఇష్టం. దానిమీద తీరని కోపం కూడా ఉంది. (మొదటి కేసు ముడి, నాలుగో కేసులో ఒక మలుపు చెప్పక తప్పదు. ఆడనివాళ్ళు గమనించగలరు.)

ముందు ఇష్టం సంగతి. జపాన్‌లో ఇది 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది. రాసి, దర్శకత్వం చేసింది షు టకుమి. నాలుగేళ్ళపాటు బయటి దేశాల మొహం చూడలేదు. 2005లో డీఎస్ కోసం తిరగరాసినప్పుడే ఇంగ్లీష్ తయారైంది. మొదటి ఆటని ఇంగ్లీష్ చేసింది అలెగ్జాండర్ ఓ. స్మిత్. ఆటంతా మాటలే కాబట్టి మాట తేలిపోతే ఇక ఆడటానికి ఏమీ మిగలదు. స్మిత్ రాసిన ఇంగ్లీష్‌లో ప్రతి మనిషికీ ఓ గొంతు ఉంది. డిటెక్టివ్ గమ్‌షూ వాక్యం చివర తగిలించే ‘పాల్’ (మన ‘బ్రదర్’ లాంటిది) ఒక్కటి చాలు, ఎవరు మాట్లాడుతున్నారో పేరు చూడకుండానే తెలిసిపోతుంది. ఇక ‘అబ్జెక్షన్!’ అన్న కేక సంగతి. ‘అబ్జెక్షన్ యువరానర్’ వింటూ పెరిగిన మన తెలుగు సినిమా చెవికి దాన్ని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. జపనీస్‌లో ఆ కేక టకుమి సొంత గొంతే. ఇంగ్లీష్‌లో, ఆట తీసిన కంపెనీ క్యాప్‌కామ్‌లో పనిచేసిన బెన్ జడ్‌ది. స్విచ్‌లో భాష మార్చుకుని రెండూ విన్నాను. నాకు బెన్ జడ్‌దే నచ్చింది, బహుశా ముందు విన్నది అదే కాబట్టి కావచ్చు.

కానీ నన్ను పూర్తిగా పడగొట్టింది మాటలు కాదు, మొదటి కేసులో గడియారం. ఒక అమ్మాయి హత్యకి గురవుతుంది. పోస్ట్‌మార్టం ప్రకారం చనిపోయింది సాయంత్రం నాలుగింటికి ఆ ప్రాంతంలో. సాక్షి మాత్రం శవాన్ని మధ్యాహ్నం ఒంటిగంటకే చూశానంటాడు. టీవీలో టైమ్ విన్నానంటాడు, అప్పుడు కరెంటు లేదని తేలుతుంది. అప్పుడు మాట మార్చి గడియారం అంటాడు. ఆ గడియారమే హత్యకి వాడిన ఆయుధం, అది పైకి గడియారంలా కనిపించను కూడా కనిపించదు. కోర్టులో దాన్ని మోగిస్తే మూడు గంటలు వెనక ఉంటుంది. ఎందుకు వెనక ఉంది? ఆ అమ్మాయి అప్పుడే పారిస్ నుంచి వచ్చింది, టైమ్ మార్చుకోలేదు. ఇక్కడ సాయంత్రం నాలుగైతే అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట. అది మూడు గంటలు వెనక లేదు, తొమ్మిది గంటలు ముందుంది!

జపనీస్ ఆటలో ఆ అమ్మాయి వచ్చింది పారిస్ నుంచి కాదు, న్యూయార్క్ నుంచి. జపాన్‌కీ న్యూయార్క్‌కీ చలికాలపు లెక్కన పద్నాలుగు గంటల తేడా. అక్కడ నాలుగైతే న్యూయార్క్‌లో రెండు. ముడి చక్కగా పడుతుంది. ఇప్పుడు కథని లాస్ ఏంజెలెస్‌కి తీసుకెళ్ళి న్యూయార్క్‌ని అలాగే ఉంచితే ఏమవుతుందో చూడండి. తేడా మూడు గంటలే, అదీ ముందుకి. గడియారం ఏడు చూపిస్తుంది. నాలుగింటికి చనిపోయిన మనిషి శవాన్ని ఏడింటికి చూశానంటే అందులో అబద్ధమేముంది? సాక్షి తప్పించుకుంటాడు, కేసు మొత్తం కూలిపోతుంది. చచ్చిన టైమ్ కంటే ముందు గంట చూపించే ఊరే కావాలి. పారిస్‌తో లెక్క సరిపోయింది. ఊరు మార్చడమంటే బోర్డు మీద పేరు మార్చడం కాదని, కథ ఎముకల దాకా వెళ్ళి మళ్ళీ అతకాలని నాకు అర్థమైంది ఇక్కడే. ఆట మొదలైన కాసేపటికే వచ్చే ఈ చిన్న ముడిలో అంత పని దాగుంది. ఇప్పటికీ ఎవరికైనా ఈ ఆట చూపించాల్సి వస్తే ఈ గడియారం గురించే ముందు చెప్తాను.

కొన్నేళ్ళ పాటు నా అభిప్రాయం అదే: ఇంతకన్నా బాగా ఏ ఆటనీ దేశం దాటించలేరు. నాలుగో కేసు దగ్గర అది కదిలింది.

మా అక్క గుంటూరు కోర్టులో ప్రాక్టీస్ చేస్తుంది. పండక్కి వచ్చినప్పుడు నేను ఆడుతుంటే పక్కన కూర్చుంది. తెరమీద అందరూ కంగారు పడిపోతున్నారు. డీఎల్-6 అని పాత హత్య కేసు, కోర్టు బిల్డింగ్ లిఫ్ట్‌లో జరిగింది.

“ఎందుకంత తొందర పడుతున్నారు వీళ్ళు?” అంది.

“పదిహేనేళ్ళు నిండబోతున్నాయక్కా. లిమిటేషన్ అయిపోతుంది. తర్వాత హంతకుడు దొరికినా ఏమీ చెయ్యలేరు.”

“మర్డర్ కేసే కదా?”

“అవును.”

“మర్డర్‌కి లిమిటేషన్ ఏంట్రా! ఏ దేశం ఇది?”

“అమెరికా. లాస్ ఏంజెలెస్.”

“అక్కడా ఉండదు. కావాలంటే చూడు.”

చూశాను. అక్క చెప్పింది నిజం. మన దగ్గర మూడేళ్ళకి మించి శిక్ష పడే నేరాలకి కాలపరిమితే లేదు. కాలిఫోర్నియాలో హత్యకి ఎన్నేళ్ళ తర్వాతైనా కేసు పెట్టొచ్చు. పదిహేనేళ్ళ గడువు జపాన్‌ది. ఆట వచ్చిన 2001లో అక్కడ హత్యకి అదే లెక్క. ఇంగ్లీష్ ఆట బయటికొచ్చిన 2005లోనే దాన్ని ఇరవై అయిదేళ్ళు చేశారు. 2010లో పూర్తిగా ఎత్తేశారు, అప్పటికి గడువు తీరని పాత హత్యలకి కూడా. ఆటలో ఈ విచారణ జరిగేది 2016లో. అంటే ఆ రోజున అందరినీ పరుగులు పెట్టించిన ఆ గడువు అసలు జపాన్‌లో కూడా ఉండేది కాదు.

అది తెలిశాక మొత్తం ఆటని మళ్ళీ మొదటినుంచి ఆడాను, ఈసారి చట్టం మీద కన్నేసి. ఫీనిక్స్ ఎక్కడికెళ్ళినా గర్వంగా చూపించే ఆ కోటు బ్యాడ్జి జపాన్ లాయర్లది. పొద్దుతిరుగుడు పువ్వు, మధ్యలో త్రాసు. కాలిఫోర్నియా లాయర్లకి అలాంటి బ్యాడ్జి లేదు. జ్యూరీ అన్నది ఎక్కడా కనపడదు. ఒక్క జడ్జి, మూడు రోజుల్లో తీర్పు. మనకీ జ్యూరీ లేదు కాబట్టి అంతకుముందు అది నా దృష్టికే రాలేదు. అమెరికన్ ఆటగాడికి మాత్రం మొదటి కేసులోనే వింతగా అనిపించి ఉంటుంది. జపాన్‌లో మామూలు పౌరులు జడ్జీల పక్కన కూర్చునే పద్ధతి 2009లో గానీ రాలేదు. అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. ఈ ఆటలో నిందితుడు దాదాపు దోషే అనుకుని విచారణ మొదలవుతుంది. నిర్దోషి అని చూపించే భారం లాయరు మీదే. చాలదన్నట్టు అసలు హంతకుణ్ణి కూడా అతనే పట్టివ్వాలి. విచారణకి వెళ్ళిన కేసుల్లో 99 శాతానికి పైగా శిక్ష పడే దేశం జపాన్. అది తెలిసి ఆడితే ఈ హాస్యం వెనక ఎంత కోపం ఉందో తెలుస్తుంది. తెలియకపోతే ‘భలే విచిత్రమైన కోర్టు’ అనుకుని నవ్వుకుంటాం.

నా కోపమంతా ఇక్కడే. తిండి మార్చారు, బాధ లేదు. ఫీనిక్స్ సహాయకురాలు మాయ రామెన్ బదులు బర్గర్ల కోసం గొడవ చేస్తుంది, ఆ అమ్మాయి ఆకలి మాత్రం ఆకలే. పేర్లు మార్చారు, దానికి కారణం ఉంది. జపనీస్‌లో ప్రతి పేరులోనూ ఓ చమత్కారం ఉంటుంది, అలాగే ఉంచితే అది చచ్చిపోయేది. భూకంపం మార్చనక్కర్లేకపోయింది. ఆ లిఫ్ట్ ఆగిపోయింది భూకంపం వల్లే. తొమ్మిదేళ్ళ మైల్స్ ఎడ్జ్‌వర్త్ (పెద్దయ్యాక ఫీనిక్స్‌కి ఎదురు వాదించే ప్రాసిక్యూటర్) జీవితాంతం మోసే భయం అక్కడే పుట్టింది. భూకంపాలు లాస్ ఏంజెలెస్‌కీ కొత్త కావు, ఈ విషయంలో ఊరి ఎంపిక అద్భుతంగా కుదిరింది. కానీ చట్టాన్ని మార్చలేదు, మార్చలేరు కూడా, కథ నిలబడిందే దానిమీద. మార్చనప్పుడు ఇది జపాన్ అని చెప్పేస్తే పోయేది. ఒక దేశపు న్యాయవ్యవస్థ మీద ఆ దేశంవాడే రాసిన విమర్శని ఇంకో దేశపు చిరునామాతో పంపితే, ఆ విమర్శ ఎవరికీ తగలదు.

తర్వాతి ఆటల్లో ఈ ఇబ్బంది ఇంకా పెరిగింది. రెండో ఆటలో ఆత్మల్ని పిలిచే మాయ వాళ్ళ ఊరు కురాయిన్‌కి వెళ్తాం. ఇల్లంతా జపనీస్ పద్ధతి, మడత తెర ఒకటి కేసుకే కీలకం. ఫీనిక్స్ జేబులో మగతామ అనే వంపు తిరిగిన జపనీస్ పూస. మూడో ఆట చివరి కేసు మంచుకొండ మీద హజకురా అనే గుడిలో జరుగుతుంది, పేరు అలాగే ఉంచారు. ఇక ఇది ఏ లాస్ ఏంజెలెస్? అభిమానులు దీనికి ‘జపానిఫోర్నియా’ అని పేరు పెట్టుకున్నారు. రెండో ఆట నుంచి ఇంగ్లీష్ చేసే పని చూసిన జానెట్ హ్సు తర్వాత దీనికో వివరణ ఇచ్చారు. జపనీస్ వలసదారుల మీద ద్వేషం గెలవని, వాళ్ళకి వ్యతిరేకంగా చట్టాలు రాని కాలిఫోర్నియా ఇది, అందుకే వాళ్ళ సంస్కృతి అక్కడ పాతుకుపోయింది అని.

ఆ వివరణ చదివాక చాలాసేపు దానిగురించే ఆలోచించాను. 1913లో కాలిఫోర్నియా చేసిన భూమి చట్టం జపనీస్ వలసదారులు సాగుభూమి కొనకుండా చేసింది. అదే చట్టం తర్వాత అక్కడి పంజాబీ రైతులకీ తగిలింది. 1942 తర్వాత సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్ళని ఇళ్ళలోంచి లేపి క్యాంపుల్లో పెట్టారు. అవేవీ జరగని కాలిఫోర్నియాని ఊహించడం చిన్న విషయం కాదు. ఆటని ఇంకో దేశానికి తగ్గట్టు మార్చే ఒక లోకలైజేషన్ టీమ్ తన ముందున్న చిక్కుని అంత లోతుగా ఆలోచించిందంటే గౌరవం కలుగుతుంది. అయినా ఆ ఊహ ఆటలో లేదు, బయట ఉంది. ఆడేవాడికి ఆట లోపల ఎవరూ అది చెప్పరు. నా కోపం కాస్త తగ్గింది కానీ పోలేదు.

పైన ఇంగ్లీష్‌ని అంతలా పొగిడాను కదా, అది ముఖ్యంగా మొదటి ఆటకి. డీఎస్‌లో వచ్చిన రెండో ఆటలో హడావుడి కనపడుతుంది. చివరి కేసులో ఓడిపోతే వచ్చే విషాదమైన ముగింపులో ఆఖరి వాక్యమే వ్యాకరణం తప్పింది. గుండె బరువెక్కాల్సిన చోట చిరాకు పుట్టింది. మూడో ఆటలో భాష మళ్ళీ గట్టిపడింది, నా లెక్కలో చివరి కేసు మొత్తం ట్రిలజీకే శిఖరం.

2021లో బయటి దేశాలకి వచ్చిన ‘ద గ్రేట్ ఏస్ అటార్నీ క్రానికల్స్’ చూస్తే దారి మారినట్టే ఉంది. మేజీ కాలపు (పంతొమ్మిదో శతాబ్దం చివరి) జపాన్, లండన్. జపాన్‌ని జపాన్‌గానే ఉంచారు, హీరో నరుహోదో ర్యూనొసుకేగానే ఉన్నాడు. షెర్లాక్ హోమ్స్ మాత్రం హెర్లాక్ షోల్మ్స్ అయ్యాడు. ఆ పేర్లు పలకలేక ఆట వదిలేసినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఇది ఆడుతున్నంతసేపూ ట్రిలజీకి కూడా ఇలా జరిగుంటే అనిపిస్తూనే ఉంది. కానీ 2005లో, ఎవరికీ తెలియని ఒక చదివే ఆటని అమెరికాలో అమ్మాల్సిన రోజుల్లో అది సాధ్యమయ్యేదా అంటే, గట్టిగా ఔననలేను.

కొనాలా వద్దా అంటే నా సమాధానం నా పరిస్థితికి సరిపోయేది మాత్రమే. రోజంతా ఇంగ్లీష్ చదివే ఉద్యోగం నాది, రాత్రి ఇంకో గంట ఇంగ్లీష్ చదవడం నాకు భారం కాదు. ఇంట్లో కోర్టు సంగతులు మాట్లాడుకునే అక్క ఉంది కాబట్టి చట్టం తేడాలు నాకు వినోదం. నెమ్మదిగా చదివే పిల్లల కోసమైతే కాస్త ఆలోచించండి, చమత్కారాలు సగం చేజారతాయి, తెలుగు లేదు. జపనీస్ బాగా వచ్చినవాళ్ళు భాష మార్చుకుని జపనీస్‌లోనే ఆడండి. నాకొచ్చింది కాస్తో కూస్తో కాబట్టి నేను ఇప్పటికీ ఇంగ్లీష్‌కే వెళ్తాను, స్మిత్ రాసిన ఆ మొదటి ఆట కోసమే అయినా సరే. డిస్కౌంట్ తరచూ పెడతారు, పూర్తి ధర పెట్టి కొనే తొందరేమీ లేదు. కొన్నాక మాత్రం నాలుగో కేసు దాకా ఆగకుండా ఆడండి, అక్కడిదాకా వెళ్ళకుండా ఈ ఆట నచ్చిందనీ నచ్చలేదనీ తేల్చకండి.