చేతికుట్టు నోటుపుస్తకం: రెండేళ్ల మూడు నెలల వాడకం తర్వాత

నిన్న ఉదయం నా నోటుపుస్తకంలో చివరి పుట నిండింది. మొత్తం 192 పుటలు. ఒక్కటీ చింపలేదు, ఒక్కటీ ఖాళీగా వదల్లేదు. మొదటి పుట మీది తేదీకీ చివరి పుట మీది తేదీకీ మధ్య రెండేళ్ల మూడు నెలలు గడిచాయి. ఇన్నాళ్లూ అది వంటగది గట్టు మీద, మంచం పక్కన, ఆఫీసు సంచిలో, ఆసుపత్రి వరండాలో నాతోనే ఉంది. చేతితో చేసిన వస్తువుల గురించి, కొన్న వారంలోపే రాసిన మెచ్చుకోళ్లు చాలా చదివాను. నాకు కావలసింది ఎప్పుడూ ఆ తర్వాతి కథే. కుట్టు ఎన్నాళ్లు నిలిచింది? కాగితం ఏ సిరాను ఓర్చుకుంది? అట్ట ఎక్కడ అరిగింది? ఇప్పుడు ఆ కథ నేనే చెప్పగలను.

దీన్ని ఒక చేతిపనుల ప్రదర్శనలో కొన్నాను. బల్ల నిండా పుస్తకాలు పరచి ఉన్నా నా చూపంతా ఈ అట్ట మీదే. నీలం, ఇటుక రంగు అలలున్న మార్బుల్ కాగితం. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, తయారుచేసినావిడ నా చేతిలోంచి తీసుకుని, సరిగ్గా మధ్యకు తెరిచి, బల్ల మీద పెట్టి చేతులు తీసేశారు. పుస్తకం అలాగే పడుకుంది. ఒక్క పుటా పైకి లేవలేదు. "ఇది చూసి కొనండి, రంగు చూసి కాదు" అన్నారు. ఆ రోజు అదే బల్ల దగ్గర అచ్చు కార్డుల కట్ట, లక్క కడ్డీ, ఇత్తడి ముద్ర, పెన్నులు పెట్టుకునే చెక్క పళ్లెం కూడా తీసుకున్నాను. వాటి మాట తర్వాత. ఎక్కువ చెప్పవలసింది పుస్తకం గురించే.

ఆవిడ చూపించిన గుణమంతా కుట్టులో ఉంది. దీన్ని కాప్టిక్ కుట్టు అంటారు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవులు ఈ పద్ధతిలో పుస్తకాలు కట్టేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. నాలుగు కాగితాలను మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూరిస్తే ఎనిమిది ఆకుల కట్ట అవుతుంది. నా పుస్తకంలో అలాంటి కట్టలు 12. సూది ఒక కట్ట మడతలోంచి బయటికి వచ్చి, కింది కట్టను పట్టుకున్న దారం చుట్టూ తిరిగి, మళ్లీ వచ్చిన కన్నంలోంచే లోపలికి వెళ్తుంది. ఇలా కట్ట మీద కట్ట ఎక్కుతూ పోతే వెన్ను మీద జడలల్లినట్టు వరసలు కనిపిస్తాయి. వెన్నుకు జిగురు పూయరు, దాని మీద అట్టా కప్పరు. జిగురుతో అతికించిన పుస్తకాన్ని తెరిచి వదిలితే మూసుకోవాలనే చూస్తుంది. ఇక్కడ దారమే కీలు. అందుకే ఎక్కడ తెరిస్తే అక్కడే నిలుస్తుంది.

ఈ గుణం విలువ నాకు పది రోజుల్లో తెలిసింది. అమ్మకు ఉదయం, సాయంత్రం రక్తపోటు చూసి రాసిపెట్టమని డాక్టరు చెప్పారు. ఆమె చేతికి పట్టీ చుట్టి, ఒక చేత్తో యంత్రం పట్టుకుని, రెండో చేత్తో అంకెలు రాయాలి. పుస్తకాన్ని పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. ఇది బల్ల మీద బల్లపరుపుగా పడుకునేది కాబట్టి రాయడం నిమిషం పని. ఎడమ పుట మీద రాసినా కుడి పుట మీద రాసినా చేతికి తేడా తెలియదు. అయితే అమ్మ మాత్రం అందులో రాయడానికి ఒప్పుకునేది కాదు. "ఇంత అందమైన పుస్తకంలోనా ఈ అంకెలు రాసేది? మంచి విషయాలకు దాచుకో" అనేది. మరి ఇంతకంటే మంచి విషయం ఏముంటుందని నేను అందులోనే రాస్తూ వచ్చాను. ఆ అంకెల పక్కనే కరెంటు బిల్లు గడువు, ప్లంబరు వస్తానన్న రోజు, ఎవరో ఫోనులో చెప్పిన చిరునామా, నిద్ర పట్టని రాత్రి రాసుకున్న నాలుగు వాక్యాలు ఉన్నాయి.

పధ్నాలుగో నెలలో కుట్టు ఒకచోట తెగింది. పై అట్టకూ మొదటి కట్టకూ మధ్య ఉండే దారం అది. రోజుకు నాలుగైదుసార్లు అట్ట తెరిచి వెనక్కి మడుస్తుంటే, అట్ట కన్నం అంచుకు రాసుకుని అరిగిపోయింది. అట్ట ఒక మూలన వేలాడుతుంటే మనసు చివుక్కుమంది. తయారుచేసినావిడకు ఫోటో పంపితే, తేనెమైనం పట్టించిన నారదారం, మొన మొద్దుగా ఉన్న సూది పంపించి, ఎలా కుట్టాలో ఫోనులోనే చెప్పారు. సూది మొన వాడిగా ఉంటే పాత దారాన్ని చీలుస్తుందట. మైనం దారాన్ని జారనివ్వదు, ముడిని బిగువుగా ఉంచుతుంది. అరగంట పట్టింది. పాత దారం నీలం, కొత్తది గోధుమ రంగు. వెన్ను మీద ఆ ఒక్క వరస విడిగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఏడాది గడిచింది, మళ్లీ తెగలేదు. జిగురు వెన్ను విరిగిన పుస్తకాలను నేనెప్పుడూ ఇంట్లో బాగుచేయలేకపోయాను. విడిపోయిన పుటలకు రబ్బరు బ్యాండు వేసి పెట్టుకోవడమే.

ఇక కాగితం. పాత నూలు గుడ్డ పేలికలను నీళ్లలో నానబెట్టి, దంచి గుజ్జు చేసి, జల్లెడలాంటి చట్రంతో ఒక్కో కాగితాన్నీ నీళ్లలోంచి ఎత్తుతారు. చట్రం మీద ఇంకో కొయ్య అంచు ఉంటుంది. దాని కిందికి కొద్దిగా గుజ్జు జారడం వల్ల కాగితం అంచులు పలచగా, వంకరటింకరగా, చిన్న చిన్న పోగులతో వస్తాయి. చూడటానికి ఆ అంచులు ఎంతో బాగుంటాయి. వాడకంలో వాటితో ఒక ఇబ్బంది ఉంది: బొటనవేలితో పుటలను గలగలా తిప్పలేం. వెనకటి పుట ఏదైనా వెతకాలంటే ఆలస్యమే. నేను నెలకొక రంగు దారప్పోగు మడతలో పెట్టుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది.

చట్రాన్ని ఎత్తేటప్పుడు ముందుకూ వెనక్కూ, ఆ పక్కకూ ఈ పక్కకూ కదుపుతారు. పోగులు అన్ని దిక్కులకూ అల్లుకుంటాయి. యంత్రంలో కాగితం ఒకే దిక్కుకు పరుగెత్తుతుంది కాబట్టి పోగులు ఎక్కువగా ఆ దిక్కుకే తిరుగుతాయి. దినపత్రికను ఒకవైపు చింపితే గీత గీసినట్టు చిరిగి, రెండోవైపు చింపితే అడ్డదిడ్డంగా పోయేది అందుకే. ఈ కాగితం విడి ముక్క మీద నేనూ చింపి చూశాను. రెండువైపులా ఒకేలా మొండికేసింది. రెండేళ్లకు పైగా మడిచి తెరిచినా మడత దగ్గర ఒక్క కాగితమూ చిట్లకపోవడం నాకు సంతోషం కలిగించింది. పత్తిలో దాదాపు 90 శాతం సెల్యులోజే, అంటే కాగితం పోగుకు మూలమైన పదార్థమే. కొయ్యగుజ్జు కాగితం పసుపు రంగుకు తిరిగేలా చేసే లిగ్నిన్ అనే పదార్థం అందులో దాదాపు ఉండదు. కిటికీ పక్కన ఎండ తగిలిన అంచులు నా కంటికి ఇప్పటికీ మొదటి రోజు రంగులోనే ఉన్నాయి.

బరువు మాత్రం తక్కువేం కాదు. చదరపు మీటరుకు 120 గ్రాముల కాగితమని చీటీ మీద రాసి ఉంది. ఆఫీసుల్లో వాడే కాపీ కాగితం సాధారణంగా 70 నుంచి 80 గ్రాములు. అట్టలతో కలిపి పుస్తకం అరకిలోకు దగ్గరగా తూగుతుంది. రోజూ సంచిలో మోసేవారు ఇది గమనించాలి.

అసలు లోపం వేరే ఉంది. ఎండిన కాగితానికి జెలటిన్ గానీ గంజి గానీ పట్టించకపోతే అది అద్దుడు కాగితంలా సిరాను పీల్చేస్తుంది. నా పుస్తకంలో నాలుగో కట్టకు ఆ పూత సరిగా పట్టలేదు. పాళీ పెట్టగానే అక్షరం చుట్టూ సాలీడు కాళ్లలా సిరా పాకేది, వెనక పుటలోకీ దిగేది. పదహారు పుటలు పెన్నుకు పనికిరాలేదు. అక్కడ 2బి పెన్సిలు వాడాను. విచిత్రమేమిటంటే, పుస్తకం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన పుటలు అవే. మెత్తటి పెన్సిలు ఆ గరుకు మీద పలికినట్టు మరే కలమూ పలకలేదు. మిగతా కట్టల మీద మధ్యరకం పాళీ హాయిగా నడిచింది. సన్న పాళీ మాత్రం పోగులను గీరి, రెండు పాళీరేకుల మధ్య ఇరికించుకుంటుంది. జెల్ పెన్నుకు ఏ ఇబ్బందీ లేదు.

ఏడో నెలలో గ్లాసుడు నీళ్లు దాని మీద ఒలికాయి. మామూలు నీలం సిరాతో రాసిన ఎనిమిది రోజుల అంకెలు నీలిమబ్బులా కలిసిపోయాయి. అద్దుడు కాగితాలు పెట్టి, పైన బరువుంచి రెండు రోజులు ఆరబెట్టాను. కాగితం తట్టుకుంది. ఒక కట్టలో మాత్రం అలలు మిగిలిపోయాయి. ఆ అంకెలు మళ్లీ దొరకవు కదా అన్న బాధతో ఐరన్ గాల్ సిరాకు మారాను. మాచికాయల్లోని టానిన్, అన్నభేది అనే ఇనుప లవణం కలిస్తే పుట్టే పాతకాలపు సిరా ఇది. రాసేటప్పుడు పలచగా ఉంటుంది. గాలి తగిలే కొద్దీ అందులోని ఇనుము మారి, అక్షరం చూస్తుండగానే నల్లబడుతుంది. నీళ్లకు పోదు. కానీ ఇందులో ఆమ్లం ఉంది. వెనకటి రోజుల్లో ఇనుము పాలు మితిమీరిన సిరాలు కాగితాన్నే తినేశాయి. ఫౌంటెన్ పెన్నుల కోసం ఇప్పుడు చేసేవి అంత ఘాటుగా ఉండవు. అయినా నెలకోసారి పెన్నును నీళ్లతో కడగడం మానకూడదు. సిరా నింపి మూలన పడేస్తే పాళీ పాడవుతుంది.

నన్ను మొదట ఆకట్టుకున్న అట్టే అన్నిటికంటే ముందు పాతబడింది. మార్బుల్ కాగితం కోసం చిక్కటి ద్రవం మీద రంగులు తేల్చి, పుల్లతోనో దువ్వెనతోనో కదిపి, కాగితాన్ని పైన పరచి ఎత్తుతారు. ఒకసారి వచ్చిన అల మళ్లీ రాదు. మూడో నెలకే మూలల్లో రంగు లేచింది, చెమట చేతికి నీలం అంటింది. తేనెమైనం పలచగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దాక అది ఆగింది. ఈ పని కొన్నరోజే చేయవలసింది.

అచ్చు కార్డులు ఇరవై, ఇప్పుడు మూడే మిగిలాయి. అక్షరం కాగితంలోకి దిగి, వేలికి గుంటలా తగులుతుంది. పాత అచ్చు పనివారు అక్షరం కాగితాన్ని తాకీ తాకనట్టు పడటమే నేర్పు అనుకునేవారు. లోతుగా దిగితే అచ్చుదిమ్మ అరుగుతుందని వారి భయం. ఇప్పుడు మనం ఆ లోతు కోసమే కొంటున్నాం. నాకూ ఆ లోతే ఇష్టం. కాకపోతే కార్డు వెనక ఉబ్బుతుంది, అక్కడ రాత కుంటుతుంది. ఉత్తరం అందుకున్న నా స్నేహితురాలు ఫోను చేసి, ముందుగా కార్డును తడిమి చూశానని చెప్పింది.

లక్క ముద్రతో నిరాశే. ఐదు కవర్లకు వేస్తే మూడింటికి దారిలోనే పగిలిపోయింది. లక్క సహజంగానే పెళుసు. ఇప్పుడు ముద్ర వేసిన కవరును ఇంకో కవరులో పెట్టి పంపుతున్నాను. చెక్క పళ్లెం గురించి చెప్పడానికి ఏమీ లేదు. పెన్నులు దొర్లిపోవడం లేదు.

పుటలు చింపి ఇచ్చే అలవాటున్న వారికి ఈ పుస్తకం కొనమని చెప్పను. ఒక ఆకు చింపితే మడతకు అవతల ఉన్న దాని జంట ఆకు కూడా వదులవుతుంది. త్వరత్వరగా పుటలు తిప్పి వెతికే పనికీ ఇది సరిపోదు. రోజూ ఒకేచోట కూర్చుని కాస్త రాసుకునేవారికి మాత్రం ధైర్యంగా చెబుతాను, తీసుకోండి. కొనేటప్పుడు మధ్యకు తెరిచి బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. ప్రతి కట్ట కాగితం మీదా చిన్న మూలన పెన్నుతో గీసి చూపమని అడగండి. మంచి పనివారు నొచ్చుకోరు.

రెండో పుస్తకం ఆవిడ దగ్గరే చెప్పి చేయించుకున్నాను. అట్ట దగ్గర దారం రెండు పేటలు వేయమన్నాను. రెండు కట్టలకు పూత వేయకుండా వదిలేయమని నేనే అడిగాను, పెన్సిలు కోసం. అట్ట అమ్మ ఎంచుకుంది, ఆకుపచ్చ. ఈ రోజు ఉదయం నేను పట్టీ విప్పేలోపే పుస్తకం తన వైపు లాక్కుని, పూత లేని కట్ట వెతికి, పెన్సిలుతో తేదీ, సమయం వేసి, పక్కన 124/78 అని రాసుకుంది.