చెపాక్‌లో మ్యాచ్: ఏ టికెట్ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి

చెపాక్ అంటే చెన్నై, అంటే పాత మద్రాసు, క్రికెట్ స్టేడియం. మద్రాసు జనానికి ఆట తెలుసన్న మాట దేశమంతా ఒప్పుకుంటుంది. ఆ పేరు తెచ్చింది ప్రధానంగా 1999 జనవరి టెస్టు. పాకిస్తాన్ ఇచ్చిన 271 లక్ష్యానికి సచిన్ 136 కొట్టి దగ్గరదాకా తెచ్చాడు, చివర్లో వికెట్లు టపటపా రాలి 12 పరుగులతో ఓడిపోయాం. గెలిచిన పాకిస్తాన్ ఆటగాళ్ళు మైదానం చుట్టూ తిరుగుతుంటే స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. అంతకు ముందు 1997 వన్డేలో పాకిస్తాన్ ఓపెనర్ సయీద్ అన్వర్ ఇదే మైదానంలో మన బౌలర్లను చితక్కొట్టి 194 చేసినప్పుడూ చప్పట్లకు లోటు రాలేదు. ఈ రోజు చెపాక్‌కి టికెట్ కొనేవాళ్ళకి ఆ జనం దొరుకుతారా? ఏ మ్యాచ్ టికెట్ కొన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఐపీఎల్‌కి వెళ్తే దొరకరు. అక్కడ అమ్మేది వేరే సరుకు. స్టేడియమంతా చెన్నై సూపర్ కింగ్స్ పసుపు, చెవులు చిల్లులుపడే ఈలలు, ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య డీజే. ధోనీ బ్యాటింగ్‌కి రావాలని సొంత జట్టు వికెట్ పడితే కేకలు వేసే గుంపును ఆట తెలిసిన గుంపని ఎలా అంటాం? కాకపోతే సంబరంగా చూస్తే దీనికి సాటి లేదు, పిల్లలతో వెళ్ళేవాళ్ళు హాయిగా వెళ్ళొచ్చు. నారింజ చొక్కాలేసుకుని వచ్చే మన తెలుగువాళ్ళు మాత్రం కొంచెం గుండె దిటవు చేసుకుని రావాలి. 2024 ఫైనల్లో హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ 113కే కుప్పకూలింది ఇక్కడే. ఈ గడ్డ మీద చెన్నైని ఓడించడానికి ఆ జట్టు 2025 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది.

2024 నుంచి ఐపీఎల్ టికెట్ల అమ్మకం ఆన్‌లైన్‌కి మారింది. 2025లో సి, డి, ఇ స్టాండ్ల కింది అంతస్తు 1700 రూపాయలు ఉండేది, అన్నిటికంటే చౌక అదే, అన్నిటికంటే ముందు అయిపోయేదీ అదే. అమ్మకం మొదలయ్యే లోపే లాగిన్ అయి, ఫోన్ నంబరు ఓటీపీతో సరిచూసుకుని, యూపీఐ సిద్ధంగా పెట్టుకోవాలి. చాలామందికి క్యూలో నంబరు వస్తుంది, సీటూ దొరుకుతుంది, చెల్లింపు దగ్గర ఆగిపోతుంది. బ్యాంకు యాప్ తెరవడానికి బయటికి వెళ్ళేసరికి పేజీ గడువు దాటిపోవడం దీనికి మామూలు కారణం. ఇంకో ఫోన్‌లో చెల్లించేలా ఉంటే మేలు. బ్లాకులో వాట్సాప్ స్క్రీన్‌షాట్ కొనడమంత తెలివితక్కువ పని లేదు. ఒకే క్యూఆర్ నలుగురికి అమ్ముతారు, గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడు లోపలికి వెళ్తాడు, మిగతా ముగ్గురూ బయట నిలబడతారు.

చెపాక్ అసలు పేరు చూడాలంటే టెస్టుకి రండి. డబ్బులు తక్కువుంటే రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీకి రండి, చాలా రంజీ మ్యాచ్‌లకి టికెట్టే ఉండదు. స్టాండ్లో వయసు మళ్ళినవాళ్ళు కనిపిస్తారు, సగం మంది ఒకప్పుడు ఊళ్ళో లీగ్ ఆడినవాళ్ళో, అంపైరింగ్ చేసినవాళ్ళో అయి ఉంటారు. ఆఫ్ స్పిన్నర్ రౌండ్ ది వికెట్, అంటే స్టంప్స్‌కి అవతలి పక్క నుంచి, వచ్చిన వెంటనే ఎవరో ఒకరు లెగ్ స్లిప్‌లో, అంటే కీపర్‌కి లెగ్ వైపు, ఫీల్డర్ ఎందుకు లేడని గొణుగుతారు. ఈ ఊరి పేరు నిలబెట్టింది ఈ గొణుగుడే. ఇది ఒక తరంలో వచ్చింది కాదు. మద్రాసులో భారతీయులకు క్రికెట్ అలవాటు చేసినవాడిగా చెప్పే బుచ్చిబాబు నాయుడు మన తెలుగువాడే. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. తెల్లవాళ్ళకీ భారతీయులకీ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్‌ల ఆలోచన ఆయనదే, మొదటి మ్యాచ్ జరగడానికి కాస్త ముందు 1908లో చనిపోయాడు. ఆయన కొడుకు సి. రామస్వామి డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1936లో టెస్ట్ క్రికెట్టూ ఆడాడు. 1952లో భారత్ మొట్టమొదటి టెస్ట్ విజయం ఇంగ్లండ్ మీద ఇక్కడే వచ్చింది, వినూ మన్కడ్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 12 వికెట్లు తీశాడు.

టెస్ట్‌కి రోజుల లెక్క జాగ్రత్తగా వేసుకోండి. మొదటి మూడు రోజుల టికెట్లు కొనండి, నాలుగు, అయిదు రోజులవి ఆట నడక చూశాకే. 2024 సెప్టెంబరులో బంగ్లాదేశ్ టెస్ట్ నాలుగో రోజే ముగిసింది. ఇక్కడ ఎర్రమట్టి, నల్లమట్టి పిచ్‌లు రెండు రకాలూ ఉన్నాయి. ఎర్రమట్టి మీద బౌన్స్ ఎక్కువ, మొదటి ఉదయం పేసర్లకీ పని ఉంటుంది. ఆ టెస్టులో భారత్ 144కే ఆరు వికెట్లు పోగొట్టుకుంది, అశ్విన్, జడేజా 199 జోడించి నిలబెట్టారు. నల్లమట్టి అయితే బంతి నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వస్తుంది. ముందు రోజు వార్తల్లో ఏ మట్టి పిచ్ అన్నది చెబుతారు, అది చూసుకుని రండి.

సీటు విషయం. స్పిన్ తిరగడం చూడాలంటే బౌలర్ వెనకో, కీపర్ వెనకో, పై అంతస్తులో కూర్చోవాలి. పిచ్‌కి అడ్డంగా ఉన్న సీటు నుంచి బంతి ఎక్కడ పడిందో తెలుస్తుంది, ఎంత తిరిగిందో తెలియదు. సీటింగ్ మ్యాప్‌లో స్టాండ్ పేరుకంటే ముందు మధ్యలో పిచ్ గీత ఎటు ఉందో చూడండి. స్టేడియానికి తూర్పున బకింగ్‌హామ్ కాలువ, దాని వెనక సముద్రం, పడమట బెల్స్ రోడ్. మధ్యాహ్నం ఎండ పడమటి నుంచి వస్తుంది కాబట్టి బెల్స్ రోడ్ వైపు వీపు పెట్టిన స్టాండ్లకి నీడ ముందు పడుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి సాయంత్రం దాకా కళ్ళలో ఎండే. కింది అంతస్తు ముందు వరసలకు పైకప్పు అందదు.

ఆ పైకప్పు గురించి ఒక మాట చెప్పాలి. పాత కాంక్రీటు కప్పు, స్తంభాలు గాలినీ చూపునీ అడ్డుకునేవి. 2011 ప్రపంచ కప్‌కి ముందు లండన్ సంస్థ హాప్కిన్స్ ఆర్కిటెక్ట్స్ రూపకల్పనతో స్టాండ్లు మార్చి, తీగలతో లాగిపట్టిన తెల్లటి గుడ్డ లాంటి కప్పు వేశారు. స్టాండ్‌కీ స్టాండ్‌కీ మధ్య సందు వదిలారు. ఆ సందుల్లోంచి మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి దూరుతుంది. అప్పటిదాకా వాలిపోయి ఉన్న జెండాలు పడమటికి తిరగడం చూస్తే గాలి వచ్చిందని అర్థం. కొత్త బంతికి కాస్త స్వింగ్ దొరికేదీ, జనానికి ప్రాణం లేచొచ్చేదీ అప్పుడే. విచిత్రమేమిటంటే అంత ఖర్చుపెట్టి కట్టిన ఐ, జె, కె స్టాండ్లను అనుమతుల తగాదాతో ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంచారు. నిండు మ్యాచ్‌లలో కూడా ఖాళీ కుర్చీల వరసలు టీవీలో కనిపించేవి. ఇప్పుడు అవి తెరుచుకున్నాయి, 2023లో కరుణానిధి పేరుతో కొత్త స్టాండ్ కూడా చేరింది.

గాలి రాకముందు ఉక్క తక్కువ అంచనా వేయకండి. 1986లో స్కోర్లు సమమై ముగిసిన టై టెస్టులో ఆస్ట్రేలియా బ్యాటర్ డీన్ జోన్స్ 210 కొట్టి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నది ఈ ఉక్కకే. నీళ్ళ సీసా గేటు దగ్గరే తీయించేస్తారు, బ్యాగు, పవర్ బ్యాంకు, హెల్మెట్ కూడా. వీటిని దాచే చోటు ఉంటుందని నమ్ముకుని రావద్దు. ఓఆర్ఎస్ పొడి పొట్లం మాత్రం జేబులో పడుతుంది, లోపల నీళ్ళు దొరికినప్పుడు కలుపుకోవచ్చు. తిండి లోపల ఖరీదు, రుచి అంతంతమాత్రం. స్టేడియం పక్క పేట ట్రిప్లికేన్‌లో, హై రోడ్డులో రత్నా కేఫ్ ఉంది. ఇడ్లీ పళ్ళెంలో పెట్టి, అది మునిగేదాకా సాంబారు పోస్తారు, అడిగితే మళ్ళీ పోస్తారు. తిని వెళ్ళండి.

రాత్రి మ్యాచ్‌లో స్పిన్ చూడాలనుకుంటే మొదటి ఇన్నింగ్స్ మీదే దృష్టి పెట్టండి. తర్వాత మంచు కురిసిందంటే బంతి తడిసి వేళ్ళకు పట్టు దొరకదు. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్‌లో బంతి పొడిగా ఉంటుంది, ఆట రుచిగా ఉంటుంది, మీరు మాత్రం ఉడుకుతారు.

దారి విషయంలో చెపాక్‌కి పూర్తి మార్కులు వేయొచ్చు. ఊరి నడిబొడ్డున, మెట్రోకీ రైలుకీ నడిచే దూరంలో ఉన్న అంతర్జాతీయ స్టేడియాలు దేశంలో ఎన్నో లేవు. సెంట్రల్ నుంచి బ్లూ లైన్‌లో ఒక్క స్టేషన్, గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి వాలాజా రోడ్ మీద పావుగంట నడక. విమానాశ్రయం నుంచీ అదే లైన్. నగర లోకల్ రైలు ఎంఆర్‌టీఎస్ చెపాక్ స్టేషన్ ఇంకా దగ్గర, కాలువ వాసన భరించగలిగితే. కారు వద్దు, మ్యాచ్ రోజు బెల్స్ రోడ్, వాలాజా రోడ్‌లలో ట్రాఫిక్ మళ్ళిస్తారు.

తిరుగు ప్రయాణమే తలనొప్పి. రాత్రి మ్యాచ్ పదకొండు దాటాకే అవుతుంది, అందరూ ఒకేసారి ఒకే రోడ్డెక్కుతారు. 2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయాక ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. బహుమతి ప్రదానం అయ్యేదాకా సీట్లోనే కూర్చుని, గుంపు పలచబడ్డాక పిల్లల చెయ్యి పట్టుకుని బయటికి రండి. మ్యాచ్ రోజుల్లో మెట్రో సమయం చాలాసార్లు పొడిగిస్తారు, ఆ రోజు ప్రకటన చూసుకోండి. నెల్లూరు, సూళ్ళూరుపేట, గూడూరు నుంచి వచ్చేవాళ్ళు ఆఖరి లోకల్ మీద ఆశ పెట్టుకోవద్దు. అర్ధరాత్రి దాటాక వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌కి ముందే రిజర్వేషన్ చేయించుకోండి, లేదా ట్రిప్లికేన్ లాడ్జిలో రాత్రి గడిపి పొద్దున్నే బయల్దేరండి. మరుసటి ఉదయం ఖాళీ ఉంటే మెరీనా మీదుగా నేపియర్ వంతెన దాకా నడవండి. 2022 చెస్ ఒలింపియాడ్ కోసం ఆ వంతెనకు నలుపు తెలుపు గళ్ళ రంగు వేశారు. ఈ ఊరికి క్రికెట్ పేరు తెస్తే ప్రపంచ కిరీటాలు తెచ్చింది చదరంగం: ముందు విశ్వనాథన్ ఆనంద్, 2024లో మన తెలుగింటి కుర్రాడు గుకేశ్.

మార్కులు: టెస్టు, రంజీలకు 5కి 4.5. ఐపీఎల్‌కి 3, అందులో ఒకటి మెట్రోకి.