షిరిడీ దారిలో హివరే బజార్: పూజ పళ్ళెం 551, నీళ్ళ లెక్క ఉచితం

షిరిడీ దర్శనం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కాచిగూడలో రాత్రి రైలెక్కాం, నాగర్‌సోల్‌లో దిగాం, దర్శనం బాగా జరిగింది, ప్రసాదాలయంలో ఉచితంగా కడుపునిండా తిన్నాం, గది శుభ్రంగా ఉంది. అత్తయ్య తృప్తిగా ఉన్నారు. ఇది రాస్తున్నది ఆ మర్నాటి ప్రయాణం గురించి. శని శింగణాపూర్‌లో మా దగ్గర గుంజిన డబ్బు గురించీ, అక్కడి నుంచి రెండు గంటల్లోపే చేరుకున్న, నీళ్ళు లెక్కపెట్టి వాడుకుంటూ కరువు దాటిన పల్లె హివరే బజార్ గురించీ.

కారు బేరం దగ్గరే తకరారు మొదలైంది. షిరిడీ, శింగణాపూర్, తిరిగి షిరిడీ అయితే ఎవరైనా 2,200కి వస్తారు. హివరే బజార్ కూడా కలపమనేసరికి డ్రైవర్ మొహం మాడిపోయింది. "అక్కడ గుడి లేదు, డ్యామ్ లేదు, ఏం చూస్తారు?" అన్నాడు హిందీలో. చివరికి 3,900కి ఒప్పుకున్నాడు. వెనక సీట్లో మామయ్యది కూడా అదే మాట: "గుడి లేదు, గోపురం లేదు, గా ఊర్ల ఏమున్నదమ్మా?" పాలమూరులో ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసి, బోర్లన్నీ ఎండిపోయాక మా దగ్గరికి వచ్చేసిన మనిషి. పొలాలు చూపిస్తానంటే ఆయనకు కోపమే వస్తుంది. అది తెలిసే నేను తీసుకెళ్ళాను.

ముందు శింగణాపూర్. ఇళ్ళకు తలుపులు ఉండవని పేరున్న ఊరు. 2011లో యూకో బ్యాంక్ అక్కడ తాళం లేని బ్రాంచి తెరిచిందని మా అబ్బాయి ఫోన్‌లో చదివి చెప్తూనే ఉన్నాడు, కారు గుడి దాకా వెళ్ళకుండా ఒక పూజసామాన్ల కొట్టు ముందు ఆగింది. పార్కింగ్ ఫ్రీ, చెప్పులు పెట్టుకోవడం ఫ్రీ, నీళ్ళు ఫ్రీ. ధర ఎంతో చెప్పకుండానే ఒక కుర్రాడు అత్తయ్య చేతిలో పళ్ళెం పెట్టేశాడు. చిన్న సీసాలో నూనె, జిల్లేడు ఆకుల దండ, నల్లగుడ్డ ముక్క, గుర్రపు నాడా, చిటికెడు నువ్వులు. ఇంకోటి మామయ్య చేతిలో. "ఎంత?" అంటే "ముందు దర్శనం చేసుకురండి మాతాజీ" అన్నాడు. తిరిగొచ్చాక పళ్ళేనికి 551 చొప్పున 1,102 అడిగాడు. అవే సామాన్లు కాస్త ముందు ఇంకో కొట్లో 150కి అమ్ముతున్నారని అప్పటికే చూసొచ్చాం. మా ఆయన గొడవకు దిగితే నలుగురు చుట్టూ చేరారు. అత్తయ్య "దేవుడి దగ్గర బేరాలేంట్రా" అని తన కొంగుముడి విప్పి ఇచ్చేశారు. ఆ డబ్బులో డ్రైవర్ వాటా ఎంతో నాకు తెలియదు కానీ కొట్టువాడు అతనికి టీ, బిస్కెట్లు మాత్రం ఇచ్చాడు. మా అబ్బాయి అన్న మాటే నిజం: "ఇళ్ళకి తలుపులుంటే ఏంటి, లేకపోతే ఏంటమ్మా, దోచుకునేది రోడ్డు మీదేగా."

వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. డ్రైవర్ ఎక్కడ ఆపినా దిగొద్దు, గుడి పార్కింగ్ దాకా పోనివ్వమనండి. పళ్ళెం చేత్తో ముట్టుకోకండి, ముట్టుకుంటే కొన్నట్టే.

అక్కడి నుంచి అహిల్యానగర్ దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. అహ్మద్‌నగర్‌కి 2024లో పెట్టిన కొత్త పేరు అది, డ్రైవర్లందరూ ఇంకా నగర్ అనే అంటారు. ఊరు దాటాక రోడ్డు పక్క ఒక ఖానావళిలో భోజనం ఒక్కొక్కరికి 120. జొన్న భాక్రీ, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిరప ఠేచా, ఉల్లిపాయ. భాక్రీ పొయ్యి మీంచి నేరుగా పళ్ళెంలోకి వస్తోంది. మామయ్య మొదటిది విరిచి చూసి, "మన రొట్టె కంటె పల్చగ కొట్టిండ్రు" అని వంక పెడుతూనే నాలుగు తిన్నారు. యాత్ర మొత్తంలో మంచి భోజనం ఇదే. ఠేచా జాగ్రత్త, మనవాళ్ళకు కూడా కళ్ళ నీళ్ళు తెప్పిస్తుంది.

నగర్ నుంచి హివరే బజార్ సుమారు 17 కిలోమీటర్లు. మేము వెళ్ళింది ఫిబ్రవరి చివర్లో. దారి పొడుగునా కొండలు బోడిగా, పసుపచ్చగా ఉన్నాయి. ఊరు దగ్గర పడేసరికి కొండల మీద చెట్లు కనిపించాయి. వీధులు శుభ్రంగా ఉన్నాయి, ఇళ్ళన్నీ గులాబీ రంగులో. పంచాయతీ ఆఫీసులో అడిగితే ఒక యువకుడు వెంట వచ్చాడు. మా అబ్బాయి, మా ఆయన హిందీలో అడగడం, నేను మామయ్యకు చెప్పడం.

1972 కరువు తర్వాత ఈ ఊరు బాగా చితికిపోయిందట. కొండల మీద చెట్లు నరికేశారు, సారా బట్టీలు పెరిగాయి, పనికోసం జనం పుణె, ముంబై వలస పోయారు. ప్రభుత్వ ఉద్యోగులకు ఈ ఊరి పోస్టింగ్ అంటే పనిష్‌మెంట్. 1989లో కుర్రాళ్ళు పట్టుబట్టి, ఎం.కామ్ చదివి క్రికెట్ ఆడుకుంటున్న పోపట్‌రావ్ పవార్‌ని సర్పంచ్‌ని చేశారు. ఆయనకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ యువకుడు పద్మశ్రీ గురించి ఒక్క మాటతో సరిపెట్టి, కందకాల గురించి అరగంట చెప్పాడు. కొండవాలు మీద అడ్డంగా తవ్విన కందకాలు, వాగుల మీద చెక్‌డ్యాములు, ఇంకుడు చెరువులు. డబ్బు ప్రభుత్వ పథకాలది, శ్రమదానం ఊరివాళ్ళది. దాంతోపాటే గ్రామసభ కట్టుబాట్లు: చెట్లకు గొడ్డలి పెట్టకూడదు, కొండల మీద పశువులను విచ్చలవిడిగా మేపకూడదు, మద్యం ఉండకూడదు, సాగుకు బోరు వేయకూడదు.

బోరు మాట వినగానే మామయ్య నిలబడిపోయారు. "బోర్లు లేకుంటె పంట ఎట్ల?" బావులే, అంటూ ఆ యువకుడు పక్కనే ఉన్న ఒక బావి దగ్గరికి తీసుకెళ్ళాడు. రాతి కట్టుడు బావి, మోటారు పైపు ఒకటి లోపలికి దిగి ఉంది. మామయ్య ఒంగి ఒక గులకరాయి వేశారు. నీళ్ళు చాలా పైనే ఉన్నాయి. ఇంకో రాయి వేశారు, మొదటిదాని మీద నమ్మకం లేనట్టు.

తర్వాత ఊరి మధ్య నీళ్ళ లెక్క రాసిన బోర్డు దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఏటా వాన ఎంత పడిందో కొలుస్తారు, బావుల్లో నీటిమట్టం చూస్తారు. ముందు మనుషులకు, పశువులకు తాగడానికి పక్కన పెడతారు. మిగిలినదాన్ని బట్టి యాసంగికి ఏ పంట వేయాలో గ్రామసభలో తేలుస్తారు. చెరకు, అరటి లాంటి నీళ్ళు తాగే పంటలకు అనుమతి లేదు. వాన తక్కువైన ఏడాది రెండో పంట తగ్గించుకుంటారు. అక్కడ సగటు వాన 400 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మనకు కరువు జిల్లా అంటే అనంతపురం, అక్కడ కూడా సుమారు 550 పడుతుంది. నేనా మాట చెప్పగానే మామయ్య గొంతు మారిపోయింది. "అయితె మన దగ్గర ఇంతకంటె ఎక్కువనే పడ్తది గదా!" అన్నారు, మేమేదో ఇన్నాళ్ళూ దాచిపెట్టినట్టు.

"ఎవడన్న దొంగతనంగ బోరు వేస్తే?" అని అడగమన్నారు. "రిగ్గు బండి ఊళ్ళోంచే రావాలి కదా. రాత్రి వేసినా చప్పుడు వినపడదా?" అన్నాడు ఆ అబ్బాయి. మామయ్య పొద్దుటి నుంచి నవ్వింది అప్పుడే. మనకూ 2002 నుంచి నీళ్ళు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం ఉంది, బోరుకు అనుమతి కావాలి. ఆయన ఊళ్ళో రిగ్గులు రాత్రి పదకొండుకే వస్తాయి, చప్పుడు అందరికీ వినపడుతుంది, ఎవరూ లేవరు.

1995లో ఇక్కడ 182 కుటుంబాల్లో 168 దారిద్ర్యరేఖకు దిగువన ఉండేవి, 2010 సర్వేకి మూడే మిగిలాయి. రోజుకు 150 లీటర్లు ఉన్న పాలు నాలుగు వేలు దాటాయి, మేత కోసుకోవడమే తప్ప పశువులను కొండ మీదికి తోలకపోవడం వల్లే గడ్డి అంత పెరిగిందట. ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఊరి భూమి బయటివాళ్ళకు అమ్మకూడదు, పెళ్ళికి ముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలి లాంటి కట్టుబాట్లు కూడా ఉన్నాయి. గ్రామసభ మన ఇంట్లోకి ఇంత దూరం వస్తే నేనైతే తట్టుకోలేను. మామయ్యకు అదేం ఇబ్బంది అనిపించలేదు, "నీళ్ళొస్తయంటె రానీయ్" అన్నారు.

సౌకర్యాల మాటకొస్తే, ఊళ్ళో హోటళ్ళు లాంటివి ఆశించొద్దు. టీ పదిరూపాయలు, బాగుంది. భోజనం నగర్‌లో చేసి వెళ్ళండి. ముందుగా పంచాయతీకి ఫోన్ చేసి, మధ్యాహ్నం రెండులోపు చేరండి, మేము నాలుగింటికి వెళ్ళి కొండ ఎక్కలేకపోయాం. పచ్చగా చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలు. నీళ్ళ సంగతి తెలియాలంటే మాత్రం ఎండాకాలంలోనే వెళ్ళాలి. హివరే వాళ్ళకు దారి చూపిన రాళేగణ్ సిద్ధి కూడా ఈ జిల్లాలోదే, అన్నా హజారే ఊరు. డ్రైవర్ ఇంకో 1,200 అడిగేసరికి, అత్తయ్య కాళ్ళు నొప్పులనేసరికి మానుకున్నాం. తిరుగు దారిలో "ఆలస్యమైంది" అని 300 అదనంగా అడిగాడు, మా ఆయన ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక మామయ్య తన ఊరికి ఫోన్లు మొదలుపెట్టారు. వార్డు మెంబర్లను, కుర్రాళ్ళను తీసుకెళ్తారట. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌కి డ్రైవర్ బత్తా కాకుండా కిలోమీటరుకు 24 చెప్పారు, 21 దాకా దింపాలని చూస్తున్నాం. ఊళ్ళోవాళ్ళు మాత్రం షిరిడీ కూడా కలిపితేనే వస్తామంటున్నారట.