లైతుమ్‌ఖ్రాలో మూడు బ్యాండ్ల రాత్రి

షిల్లాంగ్ వెళ్లేవాళ్లు చాలామంది ఊరి మధ్యలోని పోలీస్ బజార్‌లోనే దిగుతారు. మేమూ అక్కడే దిగాం. గువాహటి విమానాశ్రయం నుంచి సుమారు 120 కిలోమీటర్లు. ఊరికి రైలు లేదు కాబట్టి కారో, షేర్ సుమోనో ఎక్కక తప్పదు. ఉమియం జలాశయం దగ్గర టీ తాగడానికి ఆగిన సమయంతో కలిపి మాకు నాలుగు గంటలు పట్టింది. డిసెంబరు మొదటి వారం కావడంతో నాలుగున్నరకే పొద్దు కుంకింది. హోటల్ చేరేసరికి చీకటి పడిపోయింది.

ఆ హోటల్‌కు మళ్లీ వెళ్లను. వేడినీళ్లు ఉదయం ఏడు దాటాకే వచ్చాయి. గదిలో హీటరు పెట్టినందుకు రాత్రికి 300 రూపాయలు వేరుగా తీసుకున్నారు, ఆ మాట ముందుగా చెప్పలేదు. కిటికీ కిందే టాక్సీల స్టాండు, హారన్ల మోత. నాతో వచ్చిన మిత్రుడు శాకాహారి. అతనికి మాత్రం ఈ పేటలోనే హాయి, రోటీ పప్పు దొరికే హోటళ్లు పక్కపక్కనే ఉన్నాయి.

నేను వచ్చింది జలపాతాల కోసం కాదు, పాట కోసం. షిల్లాంగ్‌ను దేశంలో రాక్ సంగీతానికి రాజధాని అంటారు. ఈ ఊరి గాయకుడు లూ మజావ్ 1972 నుంచి ఏటా మే 24న, అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పుట్టినరోజున, ఇక్కడ కచేరీ చేస్తూ వచ్చారు. రూడీ వాలాంగ్, టిప్రీతి ఖర్బాంగర్ 2003లో మొదలుపెట్టిన సోల్‌మేట్ ఈ ఊరి బ్యాండే. 2007లో అమెరికాలోని మెంఫిస్‌లో జరిగిన అంతర్జాతీయ బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం) పోటీకి మన దేశం తరఫున వెళ్లింది. కాలేజీ రోజుల నుంచి ఈ పేర్లు వింటున్నాను. వాళ్లు పెరిగిన వీధుల్లో ఇప్పుడు ఎవరు వాయిస్తున్నారో చూడాలన్నది నా కోరిక.

మొదటి రాత్రి పోలీస్ బజార్‌లోనే ఒక పెద్ద బార్‌కు వెళ్లాం. మంచి కుర్చీలు, మెత్తటి దీపాలు, ఖరీదైన మెనూ. గాయకుడి గొంతు చక్కగా ఉంది. కానీ అతని వెనుక కంప్యూటర్‌లో పెట్టిన వాయిద్యాలు మోగుతున్నాయి, అతని తలపైన టీవీలో క్రికెట్ నడుస్తోంది. బల్లల దగ్గర సగం మంది అతనికి వీపు పెట్టి కూర్చున్నారు. హిందీ సినిమా పాటల కోసం చీటీలు వెళుతున్నాయి. హైదరాబాద్‌లో సొంత పాటలు కట్టుకునే కుర్రాళ్లు కొందరు నాకు తెలుసు. రెండో పాటకే చీటీ వస్తుందని వాళ్లు చెబుతుంటే ఎన్నోసార్లు విన్నాను. ఇంత దూరం వచ్చి అదే చూడటం బాధనిపించింది. ఇద్దరికీ కలిపి 2,400 రూపాయలైంది.

మర్నాడు నాంగ్రిమ్ హిల్స్‌లో ఒక ఇంట్లో గదికి మారాం. ఉదయం ఫలహారంతో కలిపి రోజుకు 1,800. పక్క మీద మందపాటి రజాయి, ఎప్పుడు అడిగినా వేడినీళ్లు. ఇల్లు ఒక ఖాసీ ఆవిడది. ఇక్కడి కొండజాతి అయిన ఖాసీల్లో వంశం తల్లి పేరున నడుస్తుంది, పూర్వీకుల ఇల్లు చిన్న కూతురికి వస్తుంది. ఆవిడ చిన్న కూతురు. అక్కడ పెద్ద ఆడవాళ్లను ‘కాంగ్’ అని పిలుస్తారు, మన అక్కా అన్నట్టు. మేమూ అలాగే పిలిచాం. పాట కోసం వచ్చామని చెబితే, “శనివారం లైతుమ్‌ఖ్రా వెళ్లండి, పిల్లలు వాయిస్తారు. ఆదివారం దాకా ఆగితే ఊరంతా మూసి ఉంటుంది, అందరూ చర్చిలో ఉంటారు” అంది. తర్వాత ఆలోచిస్తే ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే. చిన్నప్పటి నుంచి చర్చిలో నాలుగు రకాల గొంతులు కలిపి పాడిన పిల్లలు బ్యాండు కడితే, అందులో ప్రతివాడూ పాడగలడు.

శనివారం ఆవిడ చెప్పిన లైతుమ్‌ఖ్రా పేటకు వెళ్లాం. అక్కడి బార్ ఒక సందు చివర, చెక్క మెట్లెక్కి వెళితే వస్తుంది. ప్రవేశానికి మనిషికి 200, ఆ డబ్బు బ్యాండ్లకే పోతుందని తలుపు దగ్గరి అమ్మాయి చెప్పింది. గది పాతిక అడుగులకు మించదు. వేదిక జానెడు ఎత్తు. ఏడింటికి మొదలవుతుందన్నారు, ఏడూ పదికి మొదలైంది.

మూడు బ్యాండ్లకూ డ్రమ్ముల సెట్టు ఒకటే. పెద్ద డ్రమ్ములు బార్‌వి. ఒక్కో డ్రమ్మరు తన స్నేర్ అనే చిన్న డ్రమ్ము, తన కంచు తాళాలు, కాలి పెడల్ సంచిలో తెచ్చుకుని బిగించుకుంటాడు. మొదటి బ్యాండు కాలేజీ పిల్లలు. గిటార్ల హోరులో గాయని మాట ఒక్కటి కూడా వినబడలేదు. సౌండ్ చూసే కుర్రాడు మిక్సర్ వదిలి మా వెనుక గోడ దాకా వచ్చాడు, కళ్లు మూసుకుని విన్నాడు, వెళ్లి గిటార్ల జోరు తగ్గించాడు. డ్రమ్మరు తనే మెడలోని తువ్వాలు తీసి స్నేర్ మీద పరిచాడు. మూడో పాటకు ఆ అమ్మాయి గొంతు స్పష్టంగా వచ్చింది. నిన్నటి పెద్ద బార్‌లో ఎంత ఖరీదైన సామాను ఉన్నా, ఇలా లేచి వచ్చి విన్నవాళ్లు లేరు.

రెండో బ్యాండు ఖాసీలో సొంత పాటలే పాడింది. పక్కన కూర్చుని దుయితారా వాయించిన అతని మీద నుంచి నా చూపు మరలలేదు. చెక్కతో తొలిచిన చిన్న తంత్రీవాద్యం, పొడిగా, టకటకమని పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటారు పక్కన అది మునిగిపోతుందనుకున్నాను. గిటారు అతను దానికి చోటిచ్చి, తన తీగలను అరచేత్తో నొక్కిపట్టి వాయించాడు. ఒక పాటలో ‘మెయ్’, ‘ఇయూదుహ్’ అన్న రెండు మాటలు మళ్లీ మళ్లీ వచ్చాయి. గదిలో అందరూ గొంతు కలిపారు, గ్లాసులు కడుగుతున్న అతను కూడా. చీటీ ఒక్కటీ రాలేదు. మూడో బ్యాండు బ్లూస్ బాగా వాయించింది, కానీ నా మనసు ఆ పాట దగ్గరే ఆగిపోయింది.

లోపాలూ ఉన్నాయి. గదిలో గాలి ఆడదు. శబ్దం చాలా ఎక్కువ, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీసుకెళ్లండి. నల్ల నువ్వులతో వండిన పంది మాంసం, దోనెయ్యాంగ్, నాకు చాలా నచ్చింది. నా మిత్రుడికి వేపిన వేరుశనగ గింజలే దిక్కయ్యాయి. అతను ముందే తిని రావాల్సింది. అయినా ఇద్దరికీ అన్నీ కలిపి 1,300 దాటలేదు.

పదింటికి ఆపేశారు. ఆ వేళకు షేర్ టాక్సీలు దాదాపు ఉండవు, తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోవడం మంచిది. మాకు దొరికిన ఒక్క పసుపు, నలుపు మారుతిలో రెండో బ్యాండు డ్రమ్మరు కూడా ఎక్కాడు, స్నేర్ సంచి ఒళ్లో పెట్టుకుని. ఆ పాట అర్థం అడిగాను. మెయ్ అంటే అమ్మ. ఇయూదుహ్ ఊళ్లోని పెద్ద బజారు, అక్కడ ఎక్కువగా ఆడవాళ్లే అమ్ముతారు. తెల్లవారకముందే బుట్ట వీపున వేసుకుని బజారుకు వెళ్లే అమ్మ మీద కట్టిన పాట అది. “మా అమ్మ ఇప్పటికీ అక్కడే తమలపాకులు అమ్ముతుంది” అన్నాడు. ఇంకో రెండు మలుపుల తర్వాత దిగాడు. మేము పర్సు తీసేలోపే మా ఇద్దరి డబ్బులు కూడా డ్రైవరుకు ఇచ్చేసి, సంచి భుజాన వేసుకుని మెట్ల దారిలో పైకి వెళ్లిపోయాడు.