హార్టికల్చర్ డిప్లొమా పేరుతో మోసం: నల్లగొండ, పాలమూరు వాళ్ళు ఫీజు కట్టే ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం ఆ ఆఫీసు మెట్లు దిగి వచ్చాను, ఇప్పటికీ కోపం తగ్గలేదు. తప్పులు దొర్లితే సర్దుకుని చదవండి. ఊరంతా ఆకుపచ్చ ఫ్లెక్సీలు కట్టిన ఆ సంస్థ గురించే చెప్తున్నాను. "ఉద్యాన డిప్లొమా, నర్సరీ మేనేజ్‌మెంట్, ల్యాండ్‌స్కేపింగ్, ప్రభుత్వ గుర్తింపు, వంద శాతం ఉద్యోగం" అని రాసి ఉంటుంది చూడండి, అదే. పేరు రాస్తే కేసు పెడతామని ముందే బెదిరించారు కాబట్టి రాయట్లేదు. దేవరకొండ రోడ్డులో, హాలియా రోడ్డులో తిరిగేవాళ్ళకి నేనెవరి గురించి చెప్తున్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో కూడా బ్రాంచ్ పెడుతున్నారట, అందుకే ఆగకుండా రాస్తున్నాను.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మాకు బత్తాయి తోట ఉంది, మొక్కలు బయట కొనే బదులు మనమే చిన్న నర్సరీ పెట్టుకుంటే బాగుంటుందని నాకు ఎప్పటినుంచో ఉంది. శని, ఆదివారాలు క్లాసులుంటాయంటే సర్టిఫికెట్ కోర్సులో చేరాను, ఫీజు 12,000. మా అక్క కొడుకు పదో తరగతి పాసయ్యాడు, వాడికి చెట్లంటే ప్రాణం, వాడిని అక్కడే రెండేళ్ళ డిప్లొమాలో చేర్పించారు, మొదటి ఏడాదికే 45,000. పాలిసెట్ రాయక్కర్లేదు, మా డిప్లొమా యూనివర్సిటీ పాలిటెక్నిక్ డిప్లొమాతో సమానం అని పాంప్లెట్‌లో అచ్చు వేసి మరీ ఇచ్చారు. గుర్తింపు ఉందా అని నేను నోరు తెరిచి అడిగాను. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి గోడకున్న ఫ్రేములు చూపించింది. సింహాల ముద్రలు, హోలోగ్రాములు, "భారత ప్రభుత్వం" అన్న అక్షరాలు, అన్నీ ఉన్నాయి.

క్లాసుల గురించి ఎక్కువ రాయను గానీ ఒకటి రెండు చెప్పాలి. మాకిచ్చిన పుస్తకంలో మొదటి పాఠమే ఆపిల్ చెట్ల కొమ్మ కత్తిరింపు. నల్లగొండ జిల్లాలో బత్తాయి, నిమ్మ, మామిడి వేసుకునే వాళ్ళకి ఆపిల్ దేనికండీ? ఎక్కడి నుంచో దించిన మెటీరియల్ జిరాక్స్ తీసి బైండింగ్ చేసి ఇచ్చారు. బత్తాయికి వేరుమూలంగా, అంటే అంటు కట్టడానికి కింద వేరు భాగంగా, ఏ మొక్క వాడాలి సార్, రంగపూర్ నిమ్మనా, జంబేరినా, మన నేలలకి ఏది మంచిది అని అడిగితే చెప్పే ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. మా మామయ్యగారు చదువుకోలేదు, ఆయనే చెప్తాడు రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు తెచ్చుకోవాలి, నాటేటప్పుడు అంటు కట్టిన చోటు నేలకి పైనే ఉండాలి, మట్టిలో పూడిస్తే బంక తెగులు పట్టుకుంటుంది అని. 12,000 తీసుకున్న సంస్థలో ఆ ముక్క చెప్పేవాడు లేడు.

అంటు కట్టడం నేర్పిస్తామన్న రోజు ఒక గులాబీ కుండీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటే కత్తి, గది నిండా జనం. ఆయన టీ ఆకారంలో బెరడు గాటు పెట్టబోతే బెరడు కాస్తా చినిగి ఊడొచ్చింది. దాని మీదే పాలిథిన్ పట్టీ చుట్టేసి "ఇట్లనే చేయాలె, ఫోటోలు తీసుకోండి" అన్నాడు. మా చేతికి కత్తి రాలేదు. ఫీల్డ్ విజిట్ అని చెప్పి బస్సులో కంపాసాగర్ తీసుకెళ్ళారు, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం (రైతులకి శిక్షణ ఇచ్చే ప్రభుత్వ కేంద్రం) గేటు ముందు బ్యానర్ పట్టుకుని నిలబెట్టి ఫోటోలు తీశారు, గేటు లోపలికి కూడా తీసుకెళ్ళకుండా వెనక్కి తిప్పారు. ఆ ఫోటోలే ఇప్పుడు వాళ్ళ ప్రచారంలో "కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ పొందుతున్న మా విద్యార్థులు" అని తిరుగుతున్నాయి. అందులో నా ముఖం కూడా ఉంది. అది చూసి ఇంకెంతమంది చేరతారో అని నాకు బాధ.

డ్రిప్ సబ్సిడీ పని మీద ఉద్యాన శాఖ ఆఫీసుకి వెళ్ళినప్పుడు మాటల్లో పిల్లవాడి ఐడీ కార్డు చూపించాను. అక్కడి ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది యూనివర్సిటీ డిప్లొమా కాదు. దీంతో ఉద్యోగానికీ అప్లై చేయలేడు, పై చదువుకీ పనికిరాదు" అన్నాడు. అప్పటికే పాలిసెట్ అయిపోయింది, కౌన్సెలింగ్ కూడా అయిపోయింది.

ఇక నిన్నటి సంగతి. పిల్లవాడిని తీసుకుని నేరుగా డైరెక్టర్ గదిలోకే వెళ్ళాను. నేను గొంతు పెంచలేదు. సార్, మీ డిప్లొమాకి ఏ యూనివర్సిటీ గుర్తింపు ఉందో కాగితం చూపించండి అని మాత్రమే అడిగాను. "మా సంస్థకు ఐఎస్ఓ ఉందమ్మా" అన్నాడు. ఐఎస్ఓ కాదు సార్, పాలిటెక్నిక్‌తో సమానం అన్నారు కదా అంటే, "మేమెక్కడ అన్నం? ఎవరన్నరు?" అన్నాడు. నేను బ్యాగులోంచి పాంప్లెట్ తీశాను. "ఏదీ, ఒకసారి ఇటియ్యండి" అన్నాడు. ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. చదివి, నా కళ్ళ ముందే దాన్ని సగానికి మడిచి, మళ్ళీ మడిచి, టేబుల్ సొరుగు లాగి అందులో వేసి సొరుగు మూసేశాడు. "ఇది పాత పాంప్లెట్ అమ్మా, ఇప్పుడు చెల్లదు" అన్నాడు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. అది నాది సార్, నాకిచ్చేయండి అన్నాను. "సంస్థ ప్రింట్ చేసింది, సంస్థదే" అన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలోంచి కాగితం తీసుకుని సొరుగులో పెట్టుకునేంత ధైర్యం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు. అంతటితో ఆగలేదు. "ఇంట్ల నాలుగు కుండీలు పెట్టుకునేదానికి గవర్నమెంట్ సర్టిఫికెట్ ఎందుకమ్మా నీకు?" అని నన్నన్నాడు. నాకు కుండీలు కాదు, నాలుగెకరాల తోట ఉంది, నర్సరీ కోసం వచ్చాను అని చెప్పాను. వినకుండా పిల్లవాడి వైపు తిరిగి, "పది పాసైనోనివి, పిలిచి సీటిచ్చినం, ఇంకేం కావాలె?" అన్నాడు. వాడు ఏడుపు ఆపుకుంటూ "చిన్నమ్మా, పోదాం పా" అని నా చెయ్యి లాగాడు. నన్నన్న మాటలైనా మర్చిపోతానేమో గానీ వాడిని అన్న ఆ మాట మర్చిపోలేను. మంచి మార్కులతో పాసైన పిల్లవాడు.

ఫీజు సంగతి ఎత్తితే అడ్మిషన్ ఫామ్ తీసి "ఏ కారణం చేతనైనా ఫీజు తిరిగి ఇవ్వబడదు" అన్న లైను చూపించాడు. అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఏంటంటే, వాడి పదో తరగతి ఒరిజినల్ మెమో, టీసీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. రెండో ఏడాది ఫీజు కూడా కడితేనే ఇస్తారట! టీసీ లేకపోతే వాడిని ఇంటర్‌లో ఎలా చేర్పించాలి? బావ రాత్రంతా నిద్రపోలేదు.

వచ్చాక ఆ ఫ్రేముల ఫోటోలు ఒక్కొక్కటి పెద్దవి చేసి చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. ఒకటి ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమ అని నమోదు, టిఫిన్ సెంటర్ పెట్టుకున్నా వస్తుంది. ఒకటి ట్రస్టు రిజిస్ట్రేషన్. ఇంకొకటి నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు, అది స్వచ్ఛంద సంస్థల నమోదు కోసం. ఐఎస్ఓ 9001 అన్నది సంస్థ పని పద్ధతులకి ఇచ్చేది, కోర్సుకి గుర్తింపు కాదు. వీటిలో ఏ ఒక్కటీ డిప్లొమా ఇచ్చే అధికారం ఇవ్వదు. అన్నిటి మీదా భారత ప్రభుత్వం అనో, ఏదో శాఖ పేరో కనిపిస్తుంది, మనవాళ్ళు నమ్మేది అక్కడే.

అసలు దారులు ఏమిటో ఇప్పుడు తెలిసింది, మీకు పనికొస్తాయని రాస్తున్నాను. పదో తరగతి అయిన పిల్లలకి రెండేళ్ళ హార్టికల్చర్ డిప్లొమా ఇచ్చేది కొండా లక్ష్మణ్ ఉద్యాన యూనివర్సిటీ. అది సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది, ములుగు జిల్లా అనుకుని అటు పోకండి. దాని పాలిటెక్నిక్‌లు ఆదిలాబాద్ దగ్గర దస్నాపూర్‌లో, పెద్దపల్లి జిల్లా రామగిరిఖిల్లాలో ఉన్నాయి. సీటు పాలిసెట్ ర్యాంకు మీద వస్తుంది. పాలిసెట్ అక్కర్లేదు అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళకి నాలుగేళ్ళ బీఎస్సీ హార్టికల్చర్ ఉంది, ఎప్‌సెట్ రాయాలి. పాలమూరు వాళ్ళకైతే కాలేజీ దగ్గరలోనే ఉంది, వనపర్తి జిల్లా మోజెర్లలో. ఎవరైనా ప్రైవేటు వాళ్ళు డిగ్రీ ఇస్తామంటే ఇంకా జాగ్రత్త, 1956 యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకీ, చట్టం ఆ అధికారం ఇచ్చిన సంస్థలకీ తప్ప ఇంకెవరికీ లేదు. నకిలీ యూనివర్సిటీల జాబితా యూజీసీ వెబ్‌సైట్‌లోనే పెడుతుంది.

నాలాగా పని నేర్చుకోవాలనుకునే వాళ్ళకి ఈ డిప్లొమాల గోలే వద్దు. కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. నల్లగొండకి కంపాసాగర్, సూర్యాపేట వైపు గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్‌కి పాలెం, వనపర్తికి మదనాపురం. అంటు కట్టడం, నర్సరీ, పుట్టగొడుగులు, తేనెటీగలు లాంటి వాటి మీద చిన్న చిన్న శిక్షణలు పెడుతుంటారు, ఎప్పుడు ఏది ఉందో నేరుగా వెళ్ళి అడగాలి. మేం గేటు బయట నిలబడి ఫోటో దిగి వచ్చామే, అక్కడ లోపలికి వెళ్ళి అడిగి ఉంటే శాస్త్రవేత్తలే చెప్పేవారు. అది తలుచుకుంటేనే ఇంకా మండుతోంది. మిద్దె తోట సరదా ఉన్నవాళ్ళకి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉద్యాన శాఖ వాళ్ళ శిక్షణ సంస్థ ఉంది. ఇంటర్ అయినవాళ్ళు ఇంట్లో ఉండి చదువుకోవాలంటే ఇగ్నోలో సేంద్రియ వ్యవసాయం సర్టిఫికెట్ ఆరు నెలల కోర్సు ఉంది. తోటమాలి పనిలో సర్టిఫికెట్ కావాలంటే అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్‌లో గార్డెనర్ అని ప్రత్యేకంగా కోర్సు ఉంది, పరీక్ష పెట్టి పాసైతేనే ఇస్తారు.

మా బ్యాచ్‌లో హాలియా నుంచి ఎరువుల షాపు నడిపే అన్న ఒకాయన ఉన్నాడు, ఈ సర్టిఫికెట్ చూపిస్తే లైసెన్సు పని అయిపోతుందని చెప్పి ఆయన దగ్గర కూడా డబ్బులు గుంజారు. డీలర్ల కోసం రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ విస్తరణ సంస్థ డేసీ అని ఏడాది డిప్లొమా నడుపుతుంది, వారానికి ఒక రోజే క్లాసు, షాపు మూసుకోనక్కర్లేదు. జిల్లా వ్యవసాయ శాఖలో, ఆత్మ (రైతు శిక్షణలు చూసే జిల్లా సంస్థ) ఆఫీసులో అడిగితే చెప్తారు.

ఎక్కడైనా చేరే ముందు ఒక్క పని చేయండి. ఏ యూనివర్సిటీ గుర్తింపు ఉందో అడిగి, ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వాళ్ళ కాలేజీ పేరు మీ కళ్ళ ముందే తెరిచి చూపించమనండి. పాంప్లెట్ అయినా రసీదు అయినా చేతికి రాగానే ఫోటో తీసి పెట్టుకోండి. గుర్తింపు నిజమని తేలేదాకా ఒరిజినల్ మెమో, టీసీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు.

డబ్బులు పోయినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. నేను 1915కి చేశాను, నంబరు ఇచ్చారు. టీసీ, మెమో కోసం రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తున్నాం, బావ, అక్క, నేను వెళ్తున్నాం. మా బ్యాచ్ వాళ్ళు, అంతకుముందు బ్యాచ్ వాళ్ళు ఎవరైనా ఇది చదివితే మీ రసీదులు, ముఖ్యంగా ఆ "పాలిటెక్నిక్‌తో సమానం" అని ఉన్న పాంప్లెట్ ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. నా దగ్గరున్నది వాళ్ళ సొరుగులో ఉంది, ఇంకొకటి దొరికితే ఫిర్యాదుకి జత చేస్తాం. మహబూబ్‌నగర్ బ్రాంచ్‌లో అడ్మిషన్లు ఈ వారమే మొదలుపెట్టారట, అక్కడ మీకు తెలిసిన పిల్లలుంటే ఈ రోజే చెప్పండి.